షుగర్ అంటే ముందు గులకరాళ్లు

(రాజమహేంద్రవరం స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: భాషాశాస్త్రం చెప్పే మాస్టారు, తాపేశ్వరం మిఠాయి మేస్త్రీ, మధుమేహానికి వైద్యం చేసే డాక్టరుగారు.)

నిర్వాహకుడు: నమస్కారమండి. మన గోదావరి జిల్లాల్లో టీలో వేసేది పంచదార, ఒంట్లోకి వచ్చేది షుగర్. "పంచదార ఉందా?" అంటే డబ్బా మూత తీస్తాం. "షుగర్ ఉందా?" అంటే రిపోర్టు తీస్తాం. మాస్టారూ, ఈ షుగర్ అన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చింది?

మాస్టారు: ఇక్కణ్ణుంచి వెళ్లిందేనండి. సంస్కృతంలో శర్కర అంటే గులకరాళ్లు, గరుకిసుక. తీపి సంగతి తరవాతిది. చెరకురసం కాచి, గింజ కట్టించి, మడ్డి వేరు చేయడం తెలిశాక, ఆ గింజలు కంకరలా ఉన్నాయని ఆ పేరు పెట్టారు. ప్రాకృతంలో సక్కర, పారసీలో షకర్, అరబ్బీలో సుక్కర్. అరబ్బులు చెరకుని సిసిలీకీ స్పెయిన్‌కీ తీసుకెళ్లారు, వెనకాలే మాటా వెళ్లింది. ఇటలీలో జుక్కెరో, ఫ్రెంచిలో సూక్ర్, ఇంగ్లీషులో షుగర్. స్పానిష్‌వాళ్లు అసూకర్ అంటారు. ముందున్న ఆ 'అ' అరబ్బీ 'అల్'లో మిగిలిన ముక్క. మాటతో పాటు దాన్నీ మింగేశారు.

నిర్వాహకుడు: పంచదారకి బదులు వాడే శాకరిన్ కూడా ఈ కుటుంబమేనా?

మాస్టారు: పేరు వరకే. అది గ్రీకు దారి. ఒకటో శతాబ్దంలో డయోస్కోరిడీస్ అనే గ్రీకు వైద్యుడు సక్ఖరోన్ గురించి రాశాడు. ఉప్పులా గట్టిగా ఉంటుంది, పళ్లకింద కరకరలాడుతుంది అన్నాడు. చూడండి, ఆయనకీ ముందు తగిలింది రాయి గుణమే. 1879లో కనిపెట్టిన శాకరిన్‌కి ఆ గ్రీకు పేరు తగిలించారు. అందులో పంచదార రవ్వంత కూడా ఉండదు.

మేస్త్రీ: కంకర అన్నారు చూశారా, మా పొయ్యి దగ్గర గొడవంతా దాంతోనేనండి.

నిర్వాహకుడు: ఎలాగండీ?

మేస్త్రీ: మడతకాజాకి తీగపాకం కావాలండి. కిలో పంచదారకి అరలీటరు నీళ్లు. చుక్క తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి విడదీస్తే ఒక్క తీగ సాగాలి. అది దాటితే రెండు తీగలు, ఇంకా కాస్తే చన్నీళ్లలో వేసినప్పుడు మెత్తటి ఉండ కడుతుంది. ఆ ముదురు పాకం కాజాలోకి దిగదు. పంచదార కరిగేదాకా గరిటె తిప్పొచ్చు. మరుగు పట్టాక తిప్పకూడదండి. మూకుడు అంచున ఎండిన పలుకు ఒక్కటి జారి పడిందా, దాన్ని పట్టుకుని పాకమంతా రవ్వకట్టేస్తుంది. కాజా పైన తెల్లటి పొర పేరుకుంటుంది, కొరికితే లోపల పొడిపొడిగా ఉంటుంది. అందుకే తడిగుడ్డతో అంచులు తుడుస్తాం, కిలోకి ఓ చెంచాడు నిమ్మరసం పిండుతాం.

డాక్టరుగారు: ఆ పులుపుకి, వేడికి పంచదార కొంత గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా విడిపోతుంది. అవి మధ్యలో దూరితే గింజ కట్టడానికి వరస కుదరదు. బెల్లంలో ఈ విడిపోయిన భాగం ముందే ఎక్కువ. అది గాలిలో చెమ్మని లాక్కుంటుంది, అందుకే వానల్లో బెల్లం నీరుకారుతుంది.

మేస్త్రీ: ఆయ్, ఆషాఢం వచ్చిందంటే బుట్ట అడుగు జిగురేనండి. పటికబెల్లానికైతే పని తిరగేసి. అక్కడ కావాలనే గింజ కట్టించాలి. మరుగు పాకం దారాలు కట్టిన గిన్నెలో పోసి, కదపకుండా రోజుల తరబడి చల్లారనివ్వాలి. తొందరపడితే పలుకు పెరగదు, సన్నరవ్వ రాలుతుంది.

డాక్టరుగారు: 100 గ్రాముల మరుగునీళ్లలో 480 గ్రాముల పైచిలుకు కరుగుతుంది. మామూలు వేడికి దిగాక 200 గ్రాములే ఆగుతుంది. మిగతాదంతా ఎక్కడో ఒకచోట గింజ కట్టాల్సిందే.

మాస్టారు: పటిక అన్నది స్ఫటికం నుంచి వచ్చింది. కొట్టులో వట్టి పటిక అడిగితే బురదనీళ్లు తేర్చే పటిక పొట్లం కట్టిస్తారు, జాగ్రత్త! ఇక కలకండలో ఉన్న ఖండం అంటే ముక్క. అది పారసీలో కంద్ అయింది, ఫ్రెంచిలో సూక్ర్ కాందీ అయింది, ఇంగ్లీషులో సూక్ర్ రాలిపోయి క్యాండీ మిగిలింది. హిందీలో మిశ్రీ అంటే మిస్ర్ దేశానిది, అంటే ఈజిప్టుది. చీనీ అంటే చైనాది. తమాషా ఏంటంటే, 7వ శతాబ్దంలో టాంగ్ చక్రవర్తి తైజాంగ్ మగధకి మనుషుల్ని పంపి ఈ విద్య నేర్పించుకున్నాడని చైనా చరిత్రకారులే రాసుకున్నారు. నేర్పినవాళ్లు సరుకుకి శిష్యుడి పేరు పెట్టుకున్నారన్నమాట.

నిర్వాహకుడు: మరి మన బెల్లం?

మాస్టారు: అది ద్రావిడ మాట. తమిళంలో వెల్లం, కన్నడంలో బెల్ల. కేరళలో మాత్రం శర్కర అంటే బెల్లమే. పశ్చిమ తీరంలో ఆ మాట విన్న పోర్చుగీసువాళ్లు జాగరా అన్నారు, ఇంగ్లీషువాళ్లు జాగరీ అన్నారు. ఆ లెక్కన షుగరూ జాగరీ తోబుట్టువులు. మనం ఇక్కడ చక్కెరని వదిలేసి పంచదార అంటున్నాం గానీ, రావులపాలెం మార్కెట్‌కి వెళ్లి చూడండి, చక్కెరకేళి గెలలో ఆ మాట భద్రంగా ఉంది.

నిర్వాహకుడు: డాక్టరుగారూ, తీపి కాస్తా రోగం పేరు ఎలా అయిందండీ?

డాక్టరుగారు: శర్కర రోగం పేరు కావడం కొత్త కాదండి. సుశ్రుత సంహితలో మూత్రంలో పడే సన్నరాళ్లని కూడా శర్కర అనే అన్నారు. మనం షుగర్ అనేది దానికి వేరే, మధుమేహం. డెసిలీటరు రక్తంలో గ్లూకోజు పరగడుపున 126 మిల్లీగ్రాములు గాని, గ్లూకోజు తాగిన రెండు గంటలకి 200 గాని, అంతకంటే ఎక్కువ గాని ఉంటే షుగర్ అంటాం. రక్తంలో కొలిచేది గ్లూకోజుని. డబ్బాలో పంచదార సుక్రోజు. ఒకే పేరు రెంటికీ అంటుకోవడంతో వచ్చే చిక్కులు చాలా ఉన్నాయి. పంచదార మానేశాను, బెల్లం టీ తాగుతున్నాను అంటారు. బెల్లంలోనూ ఎక్కువ భాగం సుక్రోజే. కంచం నిండా తెల్లన్నం తిన్నా రక్తంలో చేరేది గ్లూకోజే. ఇంకో పొరపాటు ప్రాణం మీదికి తెస్తుంది. ఇన్సులిను వేసుకుని భోజనం ఆలస్యమైన మనిషికి చెమటలు, వణుకు, తడబాటు. చూస్తే 70 లోపు ఉంటుంది. ఇంట్లోవాళ్లేమో "షుగర్ మనిషి, పంచదార పెట్టకండి" అని చేయి పట్టుకుంటారు. అప్పుడు కావాల్సింది అదే. మూడు చెంచాలు, సుమారు 15 గ్రాములు, నీళ్లలో కలిపి తాగించాలి. 15 నిమిషాలయ్యాక మళ్లీ చూడాలి, పెరక్కపోతే మళ్లీ అంతే ఇవ్వాలి.

మేస్త్రీ: చేతిలో కాజా ఉంటే పెట్టెయ్యొచ్చాండీ?

డాక్టరుగారు: వేరే ఏమీ లేకపోతే సరే గానీ, నూనెలో వేగినది కదా, తీపి రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. పంచదార నీళ్లే మేలు. మనిషికి స్పృహ లేదంటే మాత్రం అవి కూడా నోట్లో పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యండి.