సెల్ఫ్ కొట్టినా అందుకోని పాత కారు: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. పాత కారుకు కార్బురేటర్, అంటే పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే భాగం, మార్పించాక స్టార్టింగ్ ఇబ్బంది పడుతున్నవాళ్లు ఈరోజు ఫోన్ చేయొచ్చు. మెకానిక్ గారు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ రాజమండ్రి నుంచి. చెప్పండి సార్.

కాలర్ (రాజమండ్రి): నమస్కారమండి. నాది అంబాసిడర్ అండి, 1800 ఇసుజు ఇంజిన్. మా నాన్నగారు కొన్న బండి. అమ్మేయమని ఎంతమంది అడిగారో, నేను ససేమిరా అన్నాను. సీట్లు కూడా పాతవే ఉంచాను...

మెకానిక్: మంచి పని చేశారు. సమస్య ఏంటండి?

కాలర్: అదే చెప్తున్నానండి. ఇది ఎంపీఎఫ్‌ఐ బండి, అంటే కంప్యూటర్ లెక్కతో పెట్రోల్ చిమ్మే ఇంజెక్షన్ రకం. దాని కంప్యూటర్ పోయింది. ఎక్కడ వెతికినా దొరకలేదు. చివరికి మా ఊళ్లో ఒకాయన ఇంజెక్షన్ తీసేసి కార్బురేటర్ బిగించాడు. రోడ్డెక్కితే బాగానే వెళ్తుంది. పొద్దున మాత్రం సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీ దిగిపోతోంది. మొన్న పెళ్లికి వెళ్తూ టీ కోసం ఆపాం. పావుగంట తర్వాత చూస్తే మళ్లీ అందుకోలేదు. బండి చుట్టూ పెట్రోల్ వాసన. మా ఆవిడకి ఒకటే టెన్షన్. ఇంతకీ ఛోక్ లాగాలా, వద్దా అండి?

మెకానిక్: ఛోక్ సంగతి తర్వాత. ప్లగ్గులు తీసి చూశారా?

కాలర్: చూశాం. నల్లగా, తడిగా ఉన్నాయి.

మెకానిక్: అంటే పెట్రోల్ అందక కాదు, ఎక్కువై ఆగుతోంది. పెట్రోల్ పంపు మార్చారా?

కాలర్: లేదండి, ట్యాంకులోది బాగానే ఉంది కదా అని ఉంచేశాం.

మెకానిక్: సమస్య అక్కడే ఉంది. ఇంజెక్షన్ పంపు 40 పీఎస్‌ఐ దాకా ఒత్తిడితో తోస్తుంది. కార్బురేటర్‌కి మూడు, నాలుగు చాలు. గిన్నెలో తేలే ఫ్లోట్ పైకి లేచి, పెట్రోల్ దారికి అడ్డుపడే నీడిల్ మూసినా అంత ఒత్తిడిని ఆపలేదు. పెట్రోల్ పొంగి ఇంజిన్‌లోకి దిగిపోతుంది. ఇంజిన్ ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. ఆయిల్‌కి పెట్రోల్ వాసన వస్తే ఆయిల్ మార్చకుండా బండి తీయొద్దు, బేరింగులు పోతాయి.

కాలర్: అయ్యో. అది చూడలేదండి. మరి పొద్దున మావాడు సీసాతో కొంచెం పెట్రోల్ కార్బురేటర్ నోట్లో పోస్తే...

మెకానిక్: వద్దు! దయచేసి ఆ పని ఎవరూ చేయొద్దు. సెల్ఫ్ కొట్టినప్పుడు మంట వెనక్కి తంతే సీసా, చెయ్యి, బానెట్ అన్నీ అంటుకుంటాయి. పైగా మీ బండిలో ఉన్న పెట్రోలే ఎక్కువ.

కాలర్: సరేనండి, పోయను. అయితే ఛోక్ లాగాలా వద్దా?

మెకానిక్: చెప్తానండి, ముందు పంపు పూర్తి చేయనివ్వండి. కార్బురేటర్‌కి సరిపడే తక్కువ ఒత్తిడి పంపు వేయించండి. ఇంకోటి, ఇంజిన్ ఆగితే ఇదివరకు కంప్యూటరే పంపును ఆపేసేది. ఇప్పుడు ఆపేదెవరు? తాళం ఆన్‌లో ఉన్నంతసేపూ పంపు తోస్తూనే ఉంటుంది. యాక్సిడెంట్‌లో పైపు తెగితే ఏమవుతుందో ఆలోచించండి. ఆయిల్ ప్రెషర్ స్విచ్‌తో పనిచేసే రిలే పెట్టించండి, ఇంజిన్ ఆగితే అది పంపును ఆపేస్తుంది. ఇది మీ ఇంటిల్లిపాది ప్రాణాలకు సంబంధించిన విషయం. డెల్కో, అంటే ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్, మార్చారా?

కాలర్: మార్చాడండి, కార్బురేటర్ బండిదే వేశాడు.

మెకానిక్: మంచిది. ఇప్పుడు ఛోక్. అది లాగితే గాలి తగ్గి, పెట్రోల్ పాలు పెరుగుతుంది. ఇంజిన్ చల్లగా ఉందో వేడిగా ఉందో ఇంతకుముందు సెన్సర్ చూసి కంప్యూటరే పెట్రోల్ పెంచేది. ఇక ఆ పని మీరే చేయాలి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఛోక్ పూర్తిగా లాగండి. యాక్సిలరేటర్ ఒక్కసారి నెమ్మదిగా తొక్కి వదలండి. పది సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టొద్దు, మధ్యలో అర నిమిషం ఆగండి. అందుకున్నాక ఛోక్ కొంచెం కొంచెంగా లోపలికి నెట్టండి.

కాలర్: మరి టీ తాగి వచ్చాక?

మెకానిక్: వేడి మీద ఛోక్ ముట్టుకోవద్దు. యాక్సిలరేటర్ పావు వంతు తొక్కి పట్టుకుని కొట్టండి. పెట్రోల్ వాసన గుప్పుమంటే మాత్రం పూర్తిగా తొక్కి పట్టుకోండి. పంపు కొట్టినట్టు మాటిమాటికీ తొక్కొద్దు, తొక్కిన ప్రతిసారీ ఇంకాస్త పెట్రోల్ చిమ్ముతుంది.

కాలర్: అంటే పొద్దున ఛోక్ లాగాలి...

మెకానిక్: లాగాలి బాబూ, పొద్దున లాగాలి. పంపు మార్చాకే. ఈలోగా కార్బురేటర్ స్క్రూలు తిప్పకండి.

యాంకర్: ధన్యవాదాలు సార్. వరంగల్ నుంచి కాల్.

కాలర్ (వరంగల్): అన్నా, నాది ప్రీమియర్ పద్మిని. పాత సోలెక్స్ కార్బురేటర్ తీసి మారుతిది వేయించిన. స్టార్ట్ అయితది, కాలు తీస్తే ఆగిపోతది.

మెకానిక్: తొక్కి పట్టుకుంటే నడుస్తోందా?

కాలర్: నడుస్తది.

మెకానిక్: అయితే కార్బురేటర్ పక్కన చిన్న సోలెనాయిడ్, అంటే కరెంటుతో తెరుచుకునే వాల్వు, ఉందేమో చూడు తమ్ముడూ. దానికి తాళం ఆన్ చేయగానే 12 వోల్టులు రావాలి. రాకపోతే స్లోకి, అంటే కాలు తీసినా ఇంజిన్ నడవడానికి, వెళ్లే పెట్రోల్ దారి మూసుకునే ఉంటుంది. పాత బండిలో ఆ వైరు ఉండదు, బిగించినవాళ్లు మర్చిపోతారు. కరెంటు ఇచ్చినప్పుడు టక్‌మని వినపడాలి. అది బాగుంటే కార్బురేటర్ కూర్చునే మానిఫోల్డ్ గొట్టం మీద వేసిన ప్లేటు, ప్యాకింగ్ చూడు, అక్కడ గాలి పీలుస్తుండొచ్చు. ఇంకో మాట. పాత సోలెక్స్‌ల్లో చాలావాటికి ఛోక్ రేకు ఉండదు, పక్కన వేరే స్టార్టర్ దారి ఉంటుంది. వాటికి స్టార్టింగ్‌లో కాలు పెట్టకూడదు. ఈ మారుతి కార్బురేటర్‌కి ఒకసారి తొక్కాలి. ఆ అలవాటు మార్చుకో.

కాలర్: నోట్లో పెట్రోల్ పోస్తే తొందరగా...

మెకానిక్: పోయొద్దు! ఇప్పుడే కదా చెప్పాను.

యాంకర్: గుంటూరు నుంచి ఒక మేడమ్ లైన్లో ఉన్నారు.

కాలర్ (గుంటూరు): నమస్తే సార్. మా నాన్నగారి అంబాసిడర్, 1489 సీసీ. నెలకోసారి తీస్తాం. ఎంతసేపు సెల్ఫ్ కొట్టినా పెట్రోల్ రాదు.

మెకానిక్: నెల రోజులు నిలబెడితే కార్బురేటర్ గిన్నెలో పెట్రోల్ ఆవిరైపోతుందమ్మా. ఇంజిన్ తిరిగితేనే మెకానికల్ పంపు పనిచేస్తుంది, గిన్నె నిండేలోపు బ్యాటరీ అలసిపోతుంది. పంపు కింద చేత్తో ఆడించే చిన్న లివర్ ఉంటుంది. అది వదులయ్యేదాకా ఆడించి, ఆ తర్వాత ఛోక్ లాగి కొట్టించండి. డెల్కోలోని పాయింట్లు శుభ్రం చేయించి వాటి మధ్య గ్యాప్ 0.4 మిల్లీమీటర్లు పెట్టించండి. రబ్బరు పైపులన్నీ ఇథనాల్‌ని తట్టుకునే రకానికి మార్చేయండి. 20 శాతం ఇథనాల్ కలిపే ఇప్పటి ఈ20 పెట్రోల్‌కి పాత రబ్బరు మెత్తబడుతుంది, పగులుతుంది. కారిన చోటే మంటలు వస్తాయి. నాన్నగారికి కూడా చెప్పండమ్మా, సీసాతో పెట్రోల్ పోయొద్దని.

కాలర్: ఆయన పోస్తూనే ఉంటారు సార్.

మెకానిక్: నా మాటగా చెప్పండమ్మా, చెయ్యెత్తి దండం పెట్టి చెప్తున్నాను.

యాంకర్: ధన్యవాదాలు మేడమ్. హైదరాబాద్, త్వరగా చెప్పండి.

కాలర్ (హైదరాబాద్): సార్, పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేయిస్తే స్టార్టింగ్ మెరుగవుతుందా?

మెకానిక్: అవుతుంది. ముందు బ్యాటరీ చూడండి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 వోల్టుల కంటే కిందికి పడకూడదు. ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు కూడా...

యాంకర్: సమయం అయిపోయింది సార్. మిగతా కాలర్లు వచ్చే వారం ప్రయత్నించండి.