సోఫా మరీ కిందికి ఉందా? ఎత్తు పెంచే ముందు ఇది చూడండి

(ఖాళీ సోఫా కనిపించాలి. సీటు పక్కన నేల మీద కొలత టేపు.)

మీ ఇంట్లో పెద్దవాళ్లు సోఫాలోంచి లేచేటప్పుడు ఎప్పుడైనా జాగ్రత్తగా గమనించారా? ముందు సీటు అంచుదాకా జరుగుతారు, ఒక చెయ్యి సోఫా హ్యాండిల్ మీద, ఇంకో చెయ్యి మోకాలి మీద పెడతారు, ఒకసారి ముందుకి ఊగుతారు, లేవలేక మళ్లీ వెనక్కి పడతారు, రెండోసారి ఊపు తీసుకుని అప్పుడు లేస్తారు. మా అమ్మ సరిగ్గా ఇలాగే లేచేది. వయసు కదా, మోకాళ్ల నొప్పి కదా అనుకుని చాలా రోజులు మేమెవరం పట్టించుకోలేదు. కానీ అదే అమ్మ డైనింగ్ టేబుల్ దగ్గర కుర్చీలోంచి మామూలుగా లేచి వెళ్లిపోయేది. రెండు చోట్లా మోకాళ్లు అవే, సీటు ఎత్తు ఒక్కటే వేరు. అది కళ్ళారా చూశాక సోఫా సంగతి తేల్చాల్సిందే అనుకున్నాను. అప్పుడు నేర్చుకున్నవన్నీ, చేసిన ఒక పెద్ద తప్పుతో సహా, ఈ వీడియోలో చెప్తాను.

అసలు కింద సీటుతో ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, అందులో కూర్చోగానే తుంటి మోకాలి కన్నా కిందికి దిగిపోతుంది. అక్కడి నుంచి లేవాలంటే ఒంటి బరువంతా ఎక్కువ దూరం పైకి ఎత్తాలి, ఆ పని ముఖ్యంగా తొడల్లోని కండరాల మీద పడుతుంది, మోకాలి కీలు మీద ఒత్తిడి పెరుగుతుంది. పాతికేళ్ల వయసులో ఇదేమీ తెలియదు. కండరం తగ్గినవాళ్లకి, గర్భిణులకి, ఆపరేషన్ అయినవాళ్లకి మాత్రం రెండు అంగుళాల తేడా చాలా పెద్ద తేడా. తుంటి మార్పిడి ఆపరేషన్ అయినవాళ్లలో చాలామందికి కొన్నాళ్లపాటు తుంటిని 90 డిగ్రీలకి మించి వంచొద్దని డాక్టర్లు చెప్తారు, కింద సీట్లలో కూర్చోవద్దని చెప్పేది కూడా అందుకే. మీ ఇంట్లో అలాంటివాళ్లు ఉంటే ఎంత ఎత్తు కావాలో వాళ్ల డాక్టర్నో ఫిజియోథెరపిస్టునో అడిగి, ఆ తర్వాతే ఏదైనా చెయ్యండి.

ఇప్పుడు కొలతలకి వద్దాం. మామూలు సోఫా సీటు నేల నుంచి 17, 18 అంగుళాలు, అంటే 43 నుంచి 46 సెంటీమీటర్లు ఉంటుంది. కిందికి ఉండే డిజైన్లు 14, 15 అంగుళాలే ఉంటాయి, అంతకన్నా తక్కువ కూడా ఉంటాయి. అయితే చాలామంది ఖాళీ సోఫాని కొలుస్తారు, తప్పు అక్కడే మొదలవుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు 17 వచ్చిన సీటు, మనిషి కూర్చోగానే స్పాంజి నలిగి 14కి దిగిపోవచ్చు. కాబట్టి ఎవరి కోసం చేస్తున్నారో వాళ్లని కూర్చోబెట్టి, వాళ్ల తొడ కింద సీటు ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి నేలకి కొలవండి.

(దగ్గరగా: గట్టి కుర్చీలో కూర్చున్న మనిషి మోకాలి వెనక మడత నుంచి నేల వరకు టేపు.)

తర్వాత అదే మనిషిని గట్టి కుర్చీలో, పాదాలు నేల మీద పూర్తిగా ఆనేలా కూర్చోబెట్టి, మోకాలి వెనక మడత పడే చోటు నుంచి నేలకి ఎంతుందో చూడండి. ఇంట్లో చెప్పులు వేసుకునే అలవాటుంటే చెప్పులతోనే కొలవాలి. సీటు కనీసం ఆ ఎత్తుకి రావాలి. లేవడం కష్టమయ్యేవాళ్లకి దాని మీద ఇంకో అంగుళం, రెండు అంగుళాలు ఉంటే హాయిగా ఉంటుంది. ఈ లెక్క మీద నమ్మకం కుదరకపోతే ఇంకో సులువైన దారి ఉంది. ఆ గట్టి కుర్చీ మీదే దుప్పటి మడత పెట్టి వేసి కూర్చోమనండి, లేవమనండి, చాలకపోతే ఇంకో దుప్పటి వెయ్యండి. ఏ ఎత్తులో చేతులు పెట్టకుండా లేవగలిగారో ఆ ఎత్తు రాసిపెట్టుకోండి, మిగతా పనంతా ఆ అంకెని బట్టే.

సరే, ఇప్పుడు సోఫా ఎందుకు కిందికి ఉందో చూడాలి. మొదట్నుంచీ కాళ్లు పొట్టివా, లేక వాడగా వాడగా సీటు కుంగిందా? ఈ రెండింటికీ వైద్యం వేరు. కుషన్లు తీసేసి అరచేత్తో మధ్యలో గట్టిగా నొక్కండి. చెయ్యి లోపలికి దిగిపోతుంటే కింద ఉన్న పట్టీలో స్ప్రింగులో వదులైపోయాయన్నమాట, ముందు వాటిని బిగించాలి, లేదంటే మార్పించాలి. కింద గట్టిగానే ఉండి కుషన్ మాత్రం చపాతీలా అయిపోతే స్పాంజి పని అయిపోయింది. తాత్కాలికంగా కుషన్ కింద ప్లైవుడ్ ముక్క వేస్తే కుంగడం ఆగుతుంది, కానీ దాని ముందు అంచు తొడల కింద నొక్కుతుంది, కాబట్టి అంచుని బాగా గుండ్రంగా అరగదీసి గుడ్డ చుట్టండి.

స్పాంజి మార్పిస్తుంటే షాపులో 32 డెన్సిటీ, 40 డెన్సిటీ అంటారు. ఆ అంకె ఘనపు మీటరుకి ఎన్ని కిలోలో చెప్తుంది, అంటే ఎన్నాళ్లు మన్నుతుందో అంచనా వేసుకోవడానికి పనికొస్తుంది, ఎంత గట్టిగా ఉంటుందో చెప్పదు. గట్టిదనం వేరే సంగతి, అందుకే ముక్క మీద కూర్చుని చూసి తీసుకోండి.

చాలామంది సీటు మీద ఇంకో దిండు వేసేస్తే పోతుంది కదా అంటారు. రెండు అంగుళాల వరకు నాకూ అభ్యంతరం లేదు. నాలుగు అంగుళాల దిండు వేశారనుకోండి, మనిషి పైకి వెళ్తాడు కానీ హ్యాండిల్స్, వీపు ఆనే భాగం ఉన్న చోటే ఉండిపోతాయి. చెయ్యి ఆన్చి లేద్దామంటే హ్యాండిల్ కిందెక్కడో ఉంటుంది, వీపు సగం గాల్లో ఉంటుంది. దానికితోడు మెత్తటి దిండు లేచేటప్పుడు పక్కకి జారుతుంది. అందుకే నా మాట వింటే సోఫా మొత్తాన్ని కింద నుంచే లేపండి, కూర్చునే తీరు మారకుండా ఎత్తు ఒక్కటే మారుతుంది.

(సోఫా వీపు మీదికి వాల్చి ఉంది. అడుగున నల్లగుడ్డ, కాళ్లు కనిపించాలి.)

కింద నుంచి లేపడానికి అన్నిటికన్నా శుభ్రమైన పద్ధతి కాళ్లు మార్చడం. ఇద్దరుండాలి, ఒక్కరే ప్రయత్నించకండి. కుషన్లు తీసేసి, నేల మీద దుప్పటి పరిచి, హ్యాండిల్స్ పట్టుకుని కాకుండా అడుగు చట్రం పట్టుకుని నెమ్మదిగా వెనక్కి వాల్చండి. ఒక కాలిని గడియారం ముళ్లు తిరిగే దిశకి ఎదురుగా తిప్పి చూడండి. ఊడి వచ్చిందంటే దాని పైన ఒక బోల్టు ఉంటుంది, మీ పని సగం తేలికైనట్టే. తిరగకపోతే నాలుగు స్క్రూలున్న ప్లేటుతో బిగించి ఉండొచ్చు, లేదా చట్రంలోనే కలిపి చేసి ఉండొచ్చు, అలా కలిపి చేసినవాటిని కొయ్యకండి, వాటికి వేరే దారి చెప్తాను.

ఊడిన కాలిని జేబులో వేసుకుని షాపుకి వెళ్లండి. ఎక్కువగా ఉండేది 8 మిల్లీమీటర్ల బోల్టు, ఎమ్8 అంటారు. అంగుళాల లెక్కలో 5/16 బోల్టు అని ఇంకోటి ఉంది, లావు దాదాపు అంతే, కంటికి తేడా తెలియదు. కానీ బోల్టు చుట్టూ మెలికల్లా మరలు ఉంటాయి కదా, వాటి మధ్య దూరం ఎమ్8కి 1.25 మిల్లీమీటర్లయితే, 5/16కి మామూలుగా 1.4 పైన ఉంటుంది. ఒకదాని నట్టులో ఇంకోటి పెడితే రెండు మూడు చుట్లు చక్కగా తిరిగి ఆ తర్వాత పట్టేస్తుంది. అప్పుడు బిగువుగా ఉందిలే అని బలవంతంగా తిప్పారంటే సోఫాలో ఉన్న నట్టు మర చెడిపోతుంది. అందుకే పాత బోల్టుకి సరిపోయే నట్టు ఒకటి తీసుకుని, అది కొత్త కాలి బోల్టు మీద చివరిదాకా వేళ్లతోనే తిరుగుతుందో లేదో అక్కడే చూసుకోండి.

ఇక నేను చేసిన తప్పు. మూలల్లో ఉన్న నాలుగు కాళ్లూ తీసి పొడుగు కాళ్లు పెట్టాను, సోఫా నిలబెట్టాను, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. మూడో రోజు ముగ్గురం కూర్చున్నప్పుడు కింద నుంచి టక్ మని శబ్దం వచ్చింది. తిరగేసి చూస్తే ముందువైపు పొడుగు చెక్క మధ్యలో వెంట్రుకంత పగులు. మూడు సీట్ల సోఫాలకి తరచుగా మధ్యలో ఐదో కాలు ఉంటుంది, చాలావాటిలో నల్లటి ప్లాస్టిక్ ముక్కలా లోపలికి ఉంటుంది, ముందు నుంచి కనపడదు. నేను దాన్ని పొట్టిగానే వదిలేశాను. మిగతా నాలుగూ పెరిగేసరికి అది గాల్లో వేలాడుతోంది, మధ్యలో కూర్చున్నవాళ్ల బరువంతా ఆ చెక్క ఒక్కటే మోసింది. దాని పక్కన ఇంకో చెక్క పట్టీ వేయించి బిగించాల్సి వచ్చింది. కాబట్టి అడుగున తడిమి మరీ కాళ్లన్నీ లెక్కపెట్టండి, మధ్యదాన్ని కూడా అంతే పొడుగు పెంచండి, నిలబెట్టాక దాని కింద కాగితం దూర్చి చూడండి. కాగితం సులువుగా దూరిపోయిందంటే అది నేలకి ఆనలేదు.

కాళ్లు ఊడని సోఫాలకి రైజర్లు ఉంటాయి, గిన్నెలాంటి గుంట ఉండి సోఫా కాలు అందులో కూర్చుంటుంది. గుంట కాలికి సరిపోవాలి, దాని మీద రాసిన బరువు పరిమితి సోఫా, కూర్చునే మనుషులు కలిపి సరిపోవాలి, చాల్లేదని ఒకదాని మీద ఒకటి పెట్టకూడదు, పేర్చడానికే తయారు చేసినవైతే తప్ప. ఇటుకలు మాత్రం దయచేసి పెట్టకండి. సోఫాలో మనం మెల్లగా దిగం, ధబాల్న వెనక్కి పడతాం, ఆ తోపుకి సోఫా అంగుళమో అరంగుళమో జరుగుతుంది. ఇటుక మీద కాలిని పట్టి ఉంచేది ఏమీ ఉండదు. ఒక్క మూల జారినా పడేది పెద్దవాళ్లే.

అసలు కాళ్లే లేకుండా నేలకి ఆని ఉండే సోఫా అయితే కింద చెక్క చట్రం చేయించాలి. ఇక్కడ ఒక్క విషయం మర్చిపోవద్దు.

(దగ్గరగా: కూర్చున్న మనిషి పాదాలు. లేవబోయే ముందు మడమలు వెనక్కి జరగడం.)

ఈ పాదాలు చూడండి. లేవాలనుకోగానే మడమలు వాటంతట అవే సీటు కిందికి వెళ్లాయి. పాదాలు వెనక్కి పెట్టి, ఛాతీ ముందుకి వంచితేనే బరువు పాదాల మీదికి వస్తుంది, అప్పుడే లేవగలం. మీరు ఇది చూస్తూ కూర్చునే ఉంటే, పాదాలు ముందుకి చాచి లేవడానికి ప్రయత్నించండి, తెలిసిపోతుంది. చట్రాన్ని సోఫా ముందు అంచుతో సమానంగా చేయిస్తే మడమలకి చోటుండదు, ఎత్తు పెంచినా లేవడం కష్టంగానే ఉంటుంది. ముందువైపు చట్రం మూడు నాలుగు అంగుళాలు లోపలికి ఉంటే ఆ ఇబ్బంది ఉండదు, కానీ ముందు అంచున కూర్చున్నప్పుడు సోఫా లేవకుండా చట్రాన్ని సోఫాకి స్క్రూలతో బిగించాలి, వెనకవైపు గోడకి ఆనించాలి.

ఎత్తు పెంచాక సోఫాని ఇదివరకులా నేల మీద ఈడ్చకండి. కాలు పొడుగయ్యేకొద్దీ పక్కనుంచి పడే తోపు బోల్టు దగ్గర ఎక్కువ బలంగా తగులుతుంది. జరపాలంటే ఎత్తి పెట్టడమే. రిక్లైనర్లు వెనక్కి వాలేటప్పుడు బరువు అటు మారుతుంది, వాటికని చేసిన రైజర్లు, చట్రాలే వాడాలి. ఎల్ ఆకారం సోఫాకి ముక్కలన్నీ ఒకే ఎత్తు పెంచకపోతే మధ్య కొక్కేలు కలవవు.

ఇంట్లో పొట్టివాళ్లు, పిల్లలు ఉంటే వాళ్ల కాళ్లు వేలాడతాయి, తొడల కింద ఒత్తుకుని తిమ్మిరెక్కుతాయి. అందుకే సెట్టు మొత్తం పెంచకుండా, అవసరమైన మనిషి కూర్చునే సింగిల్ సీటర్ ఒక్కటే పెంచడం నాకు నచ్చిన దారి. మేమూ చివరికి అదే చేశాం. మూడు సీట్ల దానికి పాత కాళ్లే పెట్టేసి, అమ్మ కూర్చునేదానికి మూడు అంగుళాలు పెంచాం.

బిగించిన పది రోజులకి ఒకసారి కాళ్లు మళ్లీ తిప్పి చూడండి, కొత్తలో కొంచెం వదులవుతాయి. నున్నటి నేలైతే అడుగున రబ్బరు బిళ్లలు అంటించండి. తర్వాత మీవాళ్లని కూర్చోమని, కాసేపు మాట్లాడించి, ఏదో పనుందని లేవమనండి. పరీక్ష అని చెప్పొద్దు. వాళ్ల చేతులు ఎక్కడికి వెళ్తున్నాయో మాత్రం చూడండి. ఇంకా మోకాలి మీదికే వెళ్తుంటే, మరో అరంగుళం కావాలి.