డబ్బు కట్టడం ఆపేసిన రోజున ఏమి మిగులుతుంది?

మిత్రులకు నమస్కారం.

సంగీతం చేసుకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్ కొనమంటారని నన్ను అడిగేవారికి నేను వెంటనే జవాబు చెప్పను. ఎదురు ప్రశ్న వేస్తాను: మీరు డబ్బు కట్టడం ఆపేసిన మరునాడు మీ పాట తెరుచుకుంటుందా? చాలామంది తెల్లమొహం వేస్తారు. ఒకప్పుడు నేనూ వేశాను.

తొమ్మిదేళ్ల కిందట చేసిన పాటను ఈమధ్య ఒక గాయని మళ్లీ పాడతానన్నారు. శ్రుతి కాస్త దించితే చాలన్నారు. అయిదు నిమిషాల పనే కదా అని ఫైలు తెరిచాను. డ్రమ్స్ మోగాయి, బేస్ పలికింది. వయొలిన్లు ఉండాల్సిన మూడు ట్రాకులు, అంటే మూడు వాద్య వరుసలు, మాత్రం మౌనం. వయొలిన్ శబ్దాన్నిచ్చే ప్లగిన్, అంటే పాట ప్రోగ్రాముకు తగిలించుకునే చిన్న ప్రోగ్రాము, దొరకడం లేదని తెర మీద ఒక చిన్న పెట్టె. ఆ వయొలిన్లు అమ్మిన కంపెనీ మూతపడింది, లైసెన్సు సరిచూసే సర్వరూ దానితోపాటే పోయింది. నేను వాయించిన ప్రతి స్వరం మిడి రూపంలో, అంటే ఏ స్వరం ఎప్పుడు ఎంత బలంగా వాయించానో చెప్పే రాతగా, భద్రంగానే ఉంది. పలికించే వాద్యమే లేదు. వాయించే చేతులు మిగిలి, వయొలిన్ మాయమైనట్టు.

మిడి ప్రమాణం 1983 నాటిది, నేటికీ చెక్కుచెదరలేదు. దాని మీద కట్టుకున్న మేడలే కూలుతుంటాయి. 2019లో ఆపిల్ కంప్యూటర్లకు మ్యాక్ ఓఎస్ కెటలీనా రాగానే పాత తరహా 32 బిట్ ప్రోగ్రాములన్నీ ఒక్క దెబ్బకు పనిచేయడం మానేశాయి. కేక్‌వాక్ సంస్థ 2016లో తన సంగీత ప్రోగ్రాము సోనార్ ప్లాటినమ్ కొన్నవారికి జీవితకాలం ఉచిత అప్‌డేట్లు ఇస్తామంది. 2017 నవంబరులో దాని యజమాని గిబ్సన్ కంపెనీ ఆ సాఫ్ట్‌వేర్ తయారీనే నిలిపేసింది. మరుసటి ఫిబ్రవరిలో బ్యాండ్‌ల్యాబ్ అనే కంపెనీ దాన్ని కొని ఉచితంగా పంచిపెట్టింది కాబట్టి వాడుకదారులు బతికిపోయారు. జీవితకాలం అన్న మాట కనిపిస్తే ఎవరి జీవితకాలమో చూసుకోవాలి. మాట నిలబెట్టుకున్నవారూ లేకపోలేదు. ఎఫ్‌ఎల్ స్టూడియో అనే మరో సంగీత ప్రోగ్రాము ఒకసారి కొన్నవారికి రెండు దశాబ్దాలకు పైగా కొత్త వెర్షన్లు ఉచితంగానే ఇస్తోంది.

ఇప్పుడు ధర సంగతి. వడ్రంగి కుర్చీకి చెప్పే ధరలో కర్ర ఖరీదు ఉంటుంది, కూలి ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌కు మొదటి ప్రతి తయారీలోనే ఖర్చంతా. రెండో ప్రతికి దాదాపు సున్నా. అందుకని అమ్మేవాడు తన ఖర్చును చూసి ధర పెట్టడు, మీ జేబును చూసి పెడతాడు. విద్యార్థికి ఒక ధర, పోటీ సాఫ్ట్‌వేర్ వాడేవాడు ఇటు వస్తే ఒక ధర, నవంబరు చివరి అమ్మకాల్లో ఇంకో ధర. ఇందులో మోసమేమీ లేదు. రీపర్ అనే రికార్డింగ్ ప్రోగ్రాము ఈ సంగతిని దాచుకోకుండా చెబుతుంది: సొంతానికి వాడుకునేవారికీ, ఏడాదికి 20,000 డాలర్లు మించని రాబడితో వృత్తికి వాడుకునేవారికీ 60 డాలర్లు, మిగిలినవారికి 225. రెండింటిలో దించుకునేది ఒకే ప్రోగ్రాము. 60 రోజులు ఏ ఆంక్షా లేకుండా వాడి చూడనిస్తారు కూడా. నాకు ఈ పద్ధతి మీద గౌరవం.

కొందరు మాత్రం ధరను మెట్లుగా పేర్చుతారు, మొదటి మెట్టు మీద ఎక్కడో ఒక చోట కాలికి అడ్డం పెడతారు. ఏబుల్టన్ లైవ్ అనే ప్రోగ్రాము మొదటి మెట్టు ఇంట్రోలో 16 ట్రాకులకు మించి పెట్టలేరు. ఎఫ్‌ఎల్ స్టూడియో మొదటి మెట్టు ఫ్రూటీ ఎడిషన్‌లో చాలా ఏళ్లపాటు బీట్లు ఎన్నైనా చేసుకోవచ్చు గానీ, గొంతు రికార్డు చేసి పాటలో పరచుకోవడం కుదిరేది కాదు. పాడేవాడికి అది పనికిరాని బేరం, బీట్లు మాత్రమే చేసేవాడికి బంగారం. ఆ ప్రోగ్రాములో ఏమేమి ఉన్నాయో కంపెనీ పెద్ద అక్షరాల్లో రాస్తుంది. లేనిదేమిటో మీరే వెతుక్కోవాలి.

చందా లెక్క చూద్దాం. నెలకు 10 డాలర్లంటే ఏమంత కాదనిపిస్తుంది. అయిదేళ్లకు 600. ఆపేస్తే ప్లగిన్ మూగబోతుంది, దానితో చేసిన పాటలూ ఆ మేరకు మూగబోతాయి. 2023 మార్చిలో ప్లగిన్లు అమ్మే వేవ్స్ కంపెనీ ఇకపై చందా తప్ప విడిగా అమ్మేది లేదని ప్రకటిస్తే వాడుకదారులు భగ్గుమన్నారు, వారం తిరగకముందే శాశ్వత లైసెన్సులు వెనక్కి వచ్చాయి. అంతమాత్రాన చందా అంటేనే చెడ్డదని నేను అనను. రెండు నెలల పనికి ఖరీదైన పనిముట్టు కావాల్సివస్తే అద్దెకు తెచ్చుకోవడమే తెలివి. లూపుల, అంటే మళ్లీ మళ్లీ తిప్పి వాడుకునే చిన్న సంగీతం ముక్కల, చందాలో ప్రమాదం మరీ తక్కువ. మీరు దించుకున్నది వేవ్ అనే మామూలు శబ్దం ఫైలు, చందా ఆగినా అది మీ డిస్కులోనే మోగుతుంది. చాలా చోట్ల వాడుకునే హక్కూ అలాగే ఉంటుంది, లూపులు దించుకోవడానికి ఇచ్చిన క్రెడిట్లలో వాడనివే పోతాయి.

లూపుల గొడవ ధరలో కాదు, హక్కులో ఉంది. రాయల్టీ ఫ్రీ అంటే ఉచితమనీ కాదు, మీ సొంతమనీ కాదు. ఒకసారి లైసెన్సు తీసుకుంటే పాట అమ్ముడైనప్పుడల్లా వాటా ఇవ్వక్కర్లేదని మాత్రమే. అదే లూపు మరో పదివేల మంది దగ్గర ఉండవచ్చు. గాయని రిహాన్నా 2007 నాటి 'అంబ్రెల్లా' పాటలో డ్రమ్స్‌కు ఆధారం ఆపిల్ వారి గ్యారేజ్‌బ్యాండ్ ప్రోగ్రాములో అందరికీ దొరికే 'వింటేజ్ ఫంక్ కిట్ 03' లూపే. అందరి దగ్గరా ఉన్న లూపుతో పెద్ద పాట కట్టవచ్చు, ఆ లూపు నాదేనని చెప్పుకోవడమే కుదరదు. లూపును అలాగే వదిలేసి, పైన పల్చగా ఏదో వాయించి, వీడియో సైట్లలో నకళ్లను పట్టే యంత్రానికి ఆ పాటను అప్పగించేవారు ఉన్నారు. అప్పుడు ఆ లూపు వాడిన పరాయివాళ్ల పాటల మీదికి యంత్రం నోటీసులు పంపుతుంది. చాలా లైసెన్సులు దీన్ని నిషేధిస్తాయి. చదివేది ఎవరు? (నేనూ మొదటి పదేళ్లూ చదవలేదు.)

కంప్యూటర్ వాద్యాల దగ్గర కొంచెం ఆగుతాను, డబ్బు ఎక్కువగా కరిగేది ఇక్కడే. మొదటి ఉచ్చు కాంటాక్ట్, ఈ వాద్యాలను తెరిచి మోగించే ప్రోగ్రాము. దాని ప్లేయర్ ఉచితం. కానీ చాలా చిన్న కంపెనీల వాద్యాలకు పూర్తి కాంటాక్ట్ కావాలి. ఆ వాద్యాన్ని ఉచిత ప్లేయర్‌లో తెరిస్తే 15 నిమిషాలు మోగి ఆగిపోతుంది. 30 డాలర్ల సితార్ కొన్నామనుకుంటే అది వందల డాలర్ల సితార్ అవుతుంది. రెండో ఉచ్చు బరువు. పెద్ద ఆర్కెస్ట్రా లైబ్రరీలు, అంటే రికార్డు చేసిన వాద్య శబ్దాల భాండాగారాలు, వందల గిగాబైట్లు తింటాయి, వేగమైన డిస్కు ధరను కూడా వాద్యం ధరలోనే కలపండి.

ఇక నాణ్యత. కంపెనీ వినిపించే నమూనా పాటను నమ్మకండి. అది చేయి తిరిగినవాడు చేసినది, వాడు తపేలా ఇచ్చినా పలికిస్తాడు. ఒక్క స్నేర్ డ్రమ్ దెబ్బను ఒకే బలంతో ఎనిమిదిసార్లు కొట్టి వినండి. ఎనిమిదీ అచ్చు ఒకేలా ఉంటే అది మరతుపాకి చప్పుడు. మంచి వాద్యంలో ఒకే స్వరానికి నాలుగైదు రికార్డింగులు ఉంటాయి, అవి వంతులవారీగా పలుకుతాయి. తర్వాత మెల్లగా మొదలుపెట్టి క్రమంగా గట్టిగా కొట్టండి. శబ్దం పెద్దదవడమే కాదు, స్వభావమూ మారాలి. వయొలిన్ అయితే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారించి చూడండి. మధ్యలో అతుకు వినిపిస్తే గమకం మాట మరిచిపోవచ్చు.

పూర్తయిన ప్రతి పాటలోని ప్రతి ట్రాకునూ నేనిప్పుడు విడివిడిగా వేవ్ ఫైలుగా తీసి, పక్కన మిడి ఫైలు పెట్టి దాస్తున్నాను. పది నిమిషాల పని. ఆనాడు ఆ పని చేసి ఉంటే ఆ గాయనికి వారం రోజులు వయొలిన్లు మళ్లీ కట్టి ఇవ్వాల్సి వచ్చేది కాదు.

ఇక ఈ స్పీకర్ వైపు చెవి పెట్టండి. రెండు స్నేర్లు, చెరి ఎనిమిది దెబ్బలు. ఒకటి డబ్బు పెట్టి కొన్నది, ఒకటి ఉచితంగా దించుకున్నది. ఏది ఏదో చేతులెత్తి చెప్పండి.