కేపీహెచ్‌బీలో జనం ఎక్కువయ్యారా?

(హైదరాబాద్ కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ వాసుల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

కుర్చీలు చాలక కొందరు గోడవారన నిలబడ్డారు. ముందుగా వాళ్లని మన్నించమని అడుగుతున్నాను. "మన కాలనీ కిక్కిరిసిపోయిందా" అనే విషయం మీద మాట్లాడమని నన్ను పిలిచి, హాలే కిక్కిరిసేలా చేశారు మన కార్యదర్శిగారు. అయితే ఒకటి గమనించాను. నిలబడ్డవాళ్లెవరూ విసుక్కోవట్లేదు. పక్కవాళ్లతో కబుర్లు చెప్పుకుంటున్నారు. ఇదే గుంపు రేపు సాయంత్రం ఒకటో నంబరు రోడ్డు మీద ఎదురైతే ఇదే మనం "ఛీ, ఏం జనంరా బాబూ" అంటాం. మనుషులు వాళ్లే, లెక్కా అంతే. మరి తేడా ఎక్కడుంది? నేను చెప్పబోయేదంతా దాని గురించే.

నేను డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరయ్యాను. ముప్పై ఏళ్లు లేఅవుట్లు గీశాను. ఇంజనీర్లు సంతకాలు పెట్టేవారు, గీతలు మావి. 1986లో ఇక్కడ ఎల్ఐజీ ఇల్లు, అంటే తక్కువ ఆదాయ వర్గానికి కట్టిన ఇల్లు, తీసుకున్నప్పుడు మా అమ్మ "ఊరవతల ఈ పొలాల్లో ఎవరు తోడురా మనకి" అని ఏడ్చినంత పని చేసింది. చీకటి పడితే బొంబాయి రోడ్డు మీద లారీల చప్పుడు తప్ప మరో చప్పుడుండేది కాదు. ఇప్పుడు ఆవిడ ఉండి ఉంటే తోడు మరీ ఎక్కువైందని ఏడ్చేది.

కిందటి వేసవిలో మా బావగారు తెనాలి దగ్గర పల్లె నుంచి వచ్చారు. సాయంత్రం ఏడింటికి మెట్రో దిగారు. మెట్లు దిగేసరికి పానీపూరీ బండ్లు, షేర్ ఆటోలు, ఫుట్‌పాత్ మీద చెప్పులు, బెల్టులు, హాస్టళ్ల కరపత్రాలు పంచే కుర్రాళ్లు. దానికి తోడు ఆంధ్రా వెళ్లే ట్రావెల్స్ బస్సులు వరసకట్టే వేళ. సూట్‌కేసులు పట్టుకుని సగం కాలనీ రోడ్డు మీదే ఉంటుంది. ఇంటికొచ్చి మంచినీళ్లు తాగి ఆయన అన్న మొదటి మాట, "ఇదేం ఊరు బావా, రోజూ తిరునాళ్లేనా?"

నాలుగో రోజు పొద్దున్నే అయిదున్నరకి ఆయన్ని నాతో నడకకి తీసుకెళ్లాను. మా వీధి, వెనక వీధి, పార్కు చుట్టూ రెండు చుట్లు. ఇళ్ల ముందు నీళ్లు చల్లి ముగ్గులు వేస్తున్నారు. పాలవాడి మోటార్‌సైకిల్ తప్ప బండి లేదు. ఆయన ఆగిపోయి, "మొన్న నేను దిగింది ఈ ఊళ్లోనేనా?" అన్నారు.

చుట్టం చూపుగా వచ్చినవాడు కాలనీని ఏ వేళ చూస్తాడు, ఏ రోడ్డు మీద చూస్తాడు అన్నది చాలా ముఖ్యం. వాళ్లు వచ్చేది సాయంత్రం, లేదా ఆదివారం. చూసేది మెయిన్ రోడ్డు. వరదప్పుడు ఒక్కసారి చూసి గోదావరి ఎప్పుడూ ఇంతే అనుకోవడం లాంటిది. మనకి ఏ సందు నుంచి వెళితే ఏ వేళకి ఖాళీయో తెలుసు. కూరగాయలకి రైతుబజారుకి ఎన్నింటికి వెళ్లాలో తెలుసు. తెలిసినవాడికి రద్దీ సగమే.

అలాగని చుట్టాలది భ్రమ అని, మనదంతా బాగుందని చెప్పడానికి రాలేదు నేను. మన బాధ వేరు. దాన్ని మనం సరైన పేరుతో పిలవట్లేదు.

మనకి ఇందులో మాటలకి కరువు లేదు. పెళ్లింట్లో ఉండేది సందడి. స్టేషన్లో ఉండేది రద్దీ. ఒక గదిలో ఏడుగురు పడుకుంటే ఇరుకు. "ఇల్లు ఇరకటం" అని సామెత కూడా ఉంది. దాని రెండో సగం చెబితే ఇక్కడున్న ఆడవాళ్లు నన్ను ఇంటికి పోనివ్వరు కాబట్టి అక్కడే ఆపుతాను. ఈ మూడింటినీ ఒకే మూటగట్టి "జనం ఎక్కువయ్యారు" అనేస్తున్నాం. అక్కడే చిక్కంతా.

ప్రభుత్వం లెక్కలో ఇరుకు అంటే ఏమిటో చూడండి. పట్టణాల్లో ఇళ్ల కొరత ఎంతో తేల్చమని కేంద్రం ఆర్థికవేత్త అమితాబ్ కుందూ అధ్యక్షతన ఒక నిపుణుల బృందాన్ని వేసింది. 2012 నాటికి దేశం మొత్తం మీద కొరత కోటీ 87 లక్షల పైచిలుకు ఇళ్లని వాళ్లు తేల్చారు. అందులో దాదాపు కోటిన్నర వీధిన పడ్డవాళ్లవి కావు. ఇల్లుండి కూడా, పెళ్లైన జంటకి విడిగా ఒక గది లేని కుటుంబాలవి. అసలైన ఇరుకు అదీ. అది బయటి చుట్టానికి కనపడదు. రోడ్డు మీదకి రాదు. మన హాస్టళ్లలో ఒక గదికి ఐదు మంచాలు వేసి పిల్లల్ని పెడుతున్నారే, ఆ ఇరుకు గురించి ఈ సమావేశాల్లో ఎప్పుడైనా మాట్లాడామా? వాళ్ల బైకులు మన గేటు ముందు పెడుతున్నారని మాత్రం మూడుసార్లు తీర్మానం చేశాం.

ఇక మనసుకి ఇరుకనిపించడం సంగతి. అమెరికాలో బామ్, వాలిన్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1970లలో కాలేజీ హాస్టళ్ల మీద పరిశోధన చేశారు. ఒక రకం హాస్టల్లో పొడుగాటి వరండా, దాని మీదకి తెరుచుకునే గదులు, వరండాకి ముప్పై నలుగురు. అందరికీ ఒకే స్నానాల గది. ఇంకో రకంలో నలుగురి నుంచి ఆరుగురికి కలిపి ఒక చిన్న వాటా. తలకొచ్చే చోటు రెండింట్లోనూ ఇంచుమించు ఒకటే. కానీ పొడుగు వరండా పిల్లలు "ఇక్కడ జనం ఎక్కువ" అన్నారు. వాటాల్లో పిల్లలు అంతగా అనలేదు. వరండాలో ఎవరు ఎదురవుతారో, ఎప్పుడు ఎదురవుతారో మన చేతిలో ఉండదు. తప్పించుకునే వీలు లేకుండా రోజూ ముక్కూమొహం తెలియనివాళ్లు తగులుతుంటే మనిషి ముడుచుకుపోతాడు. వాళ్లు తేల్చినది, నా మాటల్లో చెప్పాలంటే, ఇంతే.

ఇప్పుడు మన కాలనీని తలుచుకోండి. మనకి ఆనుకునే ఆకాశాన్నంటే టవర్లున్నాయి, గేటు, సెక్యూరిటీ, లిఫ్టు. ఎకరానికి కుటుంబాలు లెక్కేస్తే మన వీధి కంటే వాళ్లేమీ పలచగా ఉండరు. అక్కడున్న మా చిన్నమ్మాయి మాత్రం "ఎంత ప్రశాంతమో నాన్నా" అంటుంది. అక్కడివాళ్లు ఒకరికొకరు ఎదురయ్యేది లిఫ్టులో, పార్కులో, వాళ్లకి ఇష్టమైతేనే. మన వీధేమో ఆ హాస్టల్ వరండా అయిపోయింది. సందు చివర్నించి సందు చివరికి అడ్డదారి వెతుక్కునే కార్లు, డెలివరీ కుర్రాళ్లు, నీళ్ల ట్యాంకర్లు. సిగ్నల్ దగ్గర ఆగడం ఇష్టంలేని ప్రతివాడికీ మనది గుమ్మం.

వీధి అలా ఎందుకైందో నేను గీతలు గీసినవాణ్ని కాబట్టి కాస్త చెప్పగలను.

హౌసింగ్ బోర్డు ఈ కాలనీ వేసినప్పుడు ఒక స్థలానికి ఒక ఇల్లు, ఒక ఇంటికి ఒక కుటుంబం అనుకుంది. ఆదాయాన్ని బట్టి, బీదవాళ్ల నుంచి ఉన్నవాళ్ల దాకా, ఈడబ్ల్యూఎస్, ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ. మన చిరునామాల్లో ఆ అక్షరాలు ఇంకా ఉన్నాయి గానీ "తక్కువ ఆదాయ వర్గం" అని రాసున్న ఇంటికి ఇవాళ కోట్లు పలుకుతున్నాయి. ఆసియాలోనే పెద్ద కాలనీ అని మనం చెప్పుకుంటాం. విశాఖలో ఎంవీపీ కాలనీవాళ్లూ అదే మాట చెప్పుకుంటారు. ఎవరూ టేపు పెట్టి కొలిచిన పాపాన పోలేదు.

1998లో మాదాపూర్‌లో ఐటీ కంపెనీల కోసం సైబర్ టవర్స్ తెరిచారు. అక్కడ పని చేసేవాళ్లకి తలదాచుకోను దగ్గరలో ఉన్నది మనమే. 2007లో కూకట్‌పల్లి మున్సిపాలిటీ జీహెచ్ఎంసీలో కలిసింది. 2017 నవంబరులో మియాపూర్ నుంచి మెట్రో మొదలైంది. ఒక్కొక్కటీ ఒక్కో అంతస్తు లేపింది.

ఒక నూట యాభై గజాల స్థలం తీసుకోండి. అప్పట్లో ఒక ఇల్లు, ఐదుగురు, ఒక స్కూటర్. ఇప్పుడు కింద ఒక వాటా, పైన నాలుగంతస్తులు, పెంట్‌హౌస్. ముప్పై మంది అనుకుందాం. అంటే ఆరింతలు. ముందున్న రోడ్డు ముప్పై అడుగులు. ఇటు నాలుగడుగులు ర్యాంపు, అటు నాలుగడుగులు ర్యాంపు. మిగిలింది ఇరవై రెండు. ఇటొక కారు, అటొక కారు, ఆరేసి అడుగులు. మిగిలింది పది. జనం ఆరింతలైతే రోడ్డు మూడోవంతైంది. మనం మొదటి లెక్క ఒక్కటే చెప్పుకుంటాం.

ఒక కారు నిలబడితే ఎనిమిది గజాల చోటు తింటుంది. మనిషి నిలబడితే అర గజం కూడా అక్కర్లేదు. ఆ మేడలో ఐదు కార్లుంటే నలభై గజాల ప్రభుత్వ భూమి రాత్రింబగళ్లు అద్దె లేకుండా వాళ్లది. గజం ధర మీకందరికీ తెలుసు, గుణించుకోండి.

ఇంకా కిందకి వెళితే, అంటే నేల కిందకి, అక్కడ మరీ కష్టం. ఐదుగురి కోసం వేసిన డ్రైనేజీ గొట్టానికి ముప్పై మంది. ఆషాఢంలో నాలుగు చినుకులు పడగానే మ్యాన్‌హోల్ మూత లేస్తుంది. మెయిన్ రోడ్డు మీద జనాన్ని చూసి హడలిపోయిన మా బావగారికి ఇది కనపడలేదు. మనకి కనపడుతుంది, ఇంకా చెప్పాలంటే వాసనొస్తుంది.

నియమాలు లేవా అంటే ఉన్నాయి. 2006లో ఒకసారి, 2012లో ఒకసారి ప్రభుత్వం భవన నిర్మాణ నియమాలు కొత్తగా రాసింది. రోడ్డు వెడల్పుని, స్థలం సైజుని బట్టి ఎత్తెంత, చుట్టూ వదలాల్సిన చోటు, అంటే సెట్‌బ్యాక్, ఎంత అన్నీ అందులో ఉన్నాయి. 2007 చివర్లో, మళ్లీ 2015లో, డబ్బు కడితే అక్రమ అంతస్తుల్ని సక్రమం చేసే పథకాలూ వచ్చాయి. కట్టాం, కాగితాలు తెచ్చుకున్నాం. గోడ సక్రమమైంది. రోడ్డు ఒక్క అంగుళం పెరగలేదు.

"కట్టాం" అన్నాను, వినుంటారు. నేనూ కట్టాను. ముప్పై ఏళ్లు ఇతరుల నక్షల్లో సెట్‌బ్యాక్ కొలిచినవాణ్ని, మా పిల్లల చదువులకని మూడో అంతస్తు వేసినప్పుడు పక్కింటివైపు రెండడుగులు మింగాను. మా ఇంటి ర్యాంపు నాలుగడుగుల మూడంగుళాలు బయటికుంది. దాని పక్కన రెండు తులసి కుండీలు పెట్టింది మా ఆవిడ. కుండీ పెడితే కబ్జాలా ఉండదు చూడండి, భక్తిలా ఉంటుంది.

సంక్రాంతి మూడు రోజులూ మీరు ఇక్కడే ఉంటే ఒకటి చూసుంటారు. సగం కాలనీ ఊళ్లకి పోతుంది. నేను ఈసారి వెళ్లలేదు. మొదటి రోజు హాయిగా అనిపించింది. కానీ రోడ్డు మధ్యలో నడుస్తూ గమనించాను, కార్లు లేకపోయినా ర్యాంపులు అలాగే ఉన్నాయి, ఫుట్‌పాత్ అలాగే లేదు. జనం వెళ్లిపోయినా వీధి పూర్తిగా తిరిగి రాలేదు. రెండో రోజు సాయంత్రానికి టిఫిన్ సెంటర్ మూసుంది, మందుల షాపు మూసుంది, నాకు బీపీ మాత్రలు దొరకలేదు. మూడో రోజుకి, నిజం చెబుతున్నాను, భయమేసింది. మా అమ్మ 1986లో ఎందుకు ఏడ్చిందో అర్థమైంది.

మా ఎదురింటి పైవాటాలో నలుగురు ఆడపిల్లలు అద్దెకుంటారు. అందులో ఒకమ్మాయిది శ్రీకాకుళం జిల్లా. రాత్రి షిఫ్టు చేసుకుని పదకొండున్నరకి నడుచుకుంటూ వస్తుంది. "ఈ రద్దీలో ఎలా ఉంటున్నావమ్మా" అని అడిగాను. "రద్దీ ఉంది కాబట్టే ఉంటున్నా అంకుల్. ఇడ్లీ బండి దగ్గర జనం ఉంటారు, జ్యూస్ షాపులో లైటుంటుంది. కంపెనీ పక్కన గేటెడ్ కమ్యూనిటీ వెనక రోడ్డులో ఉండేదాన్ని ముందు. ఎవరూ ఉండరు అక్కడ. గోడ, గోడ, గోడ," అంది.

ఆ మాట విన్నాక నేను "జనాన్ని తగ్గించాలి" అనే మాట మానేశాను. హాస్టళ్లు ఖాళీ చేయించాలని, బండ్లు ఎత్తేయించాలని మన ఎజెండాలో ఉంది. నేను ఆ రెండింటికీ ఒప్పుకోను. కార్యదర్శిగారు ముఖం చిట్లిస్తున్నారు, చిట్లించనివ్వండి. ఆ ఇడ్లీ బండి తీసే చోటు రెండు గజాలు. దాని వెనక నెల రోజులుగా దుమ్ము పట్టి నిలబడిన కారుది ఎనిమిది. లాఠీ ఎప్పుడూ బండి మీదే ఎందుకు పడుతుంది?

పార్కుల విషయం మాత్రం కచ్చితంగా పట్టుకోవాలి. కేంద్రం 2014లో ఇచ్చిన పట్టణ ప్రణాళిక మార్గదర్శకాలు మనిషికి పది పన్నెండు చదరపు మీటర్ల ఖాళీ స్థలం ఉండాలంటాయి. లేఅవుట్లో పార్కని గీసిన చోట ఇవాళ ఏముందో ఫేజుల వారీగా చూడాలి. పాత నక్షల నకళ్లు నా దగ్గర కొన్ని ఉన్నాయి. ఎవరికి కావాలన్నా జిరాక్స్ తీసుకోవచ్చు, కానీ ఒరిజినల్ ఇంటికి పట్టుకుపోనివ్వను, ఒకసారి ఇచ్చి పోగొట్టుకున్నాను.

ముందు మన వీధులు కొలుద్దాం. గోడ నుంచి గోడకి ఎంత, నడవడానికి మిగిలింది ఎంత. ఇంటి నంబరు వేసి, ర్యాంపు ఎంత బయటికొచ్చిందో రాసి, ఆ కాగితం ఈ హాల్ గోడకే అంటిద్దాం. కోపాలొస్తాయి. నా ఇల్లే మొదట రాయండి, నాలుగడుగుల మూడంగుళాలు. తులసి కుండీలు మేడ మీదకి మార్చడానికి మా ఆవిడ ఒప్పుకుంది, మూడు రోజులు మాట్లాడలేదు గానీ.

ఈ ఆదివారం పొద్దున ఆరింటికి, పార్కు గేటు దగ్గర. టేపు నేను తెస్తాను. రెండో కొస పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి.