చంటిపిల్లల్ని చూసే పనికి చదువు కావాలి: శ్రీకాకుళం స్టూడియో చర్చ

(పాల్గొన్నవారు: ఇంటర్ వొకేషనల్ కోర్సు చెప్పే అధ్యాపకురాలు, పలాస వైపు నుంచి వచ్చిన అంగన్‌వాడీ టీచరు, పిల్లల డాక్టరు, కాశీబుగ్గలో జీడిపప్పు పని చేసే తల్లి, కోర్సు పూర్తిచేసి విజయనగరంలో నర్సరీ పిల్లలకు చెబుతున్న పూర్వ విద్యార్థిని. మధ్యలో ఆమదాలవలస నుంచి ఒక ఫోన్ కాల్.)

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే మన ఇళ్లలో ఒకటే చర్చ, ఎంపీసీయా, బైపీసీయా అని. ఈ రోజు మనం మాట్లాడేది ఎవరూ పెద్దగా అడగని దారి గురించి. ఆరేళ్లలోపు పిల్లల సంరక్షణను హైస్కూలు, ఇంటర్ పిల్లలకు ఒక వృత్తిగా నేర్పడం. నా అభిప్రాయం దాచుకోను. నేర్పాలి, మగపిల్లలకూ నేర్పాలి. కానీ నేర్పుతున్నామన్న పేరుతో వాళ్లను జీతం లేని ఆయాలుగా వాడుకోకూడదు. అమ్మా, ముందు మీరు చెప్పండి. మీరు పనికెళ్తే చిన్నపాపను ఎవరు చూస్తారు?

తల్లి: మా అత్త సూసీదండి. ఆవిడకి కళ్లు అగుపడక ఇప్పుడు సూడనేదు. పెద్దగుంట సూస్తాది. అది ఏడో తరగతి. నాకు పనున్న రోజు అది బడి మానీస్తాది.

వ్యాఖ్యాత: పాపను పనిచోటికి తీసుకెళ్లడం కుదరదా?

తల్లి: ఎలా కుదురుద్దండి? నాది జీడిపిక్కలు కోసే పని. పిక్క కోస్తే జీడి కారతాది. అది సేతికి తగిల్తే కాలిపోతాది, తోలు ఊడిపోతాది. సేతులకి నూనె, బూడిద రాసుకుని కూకుంటాం. ఇంటికెల్లి ఎన్నిపాలు సబ్బెట్టి రుద్దినా ఆ నలుపు పోదు. ఇగో సూడండి నా సేతులు. ఈ సేత్తో పసిగుంటని ముట్టుకోడానికే భయం. ఆ పిక్కల మద్దిన దాన్ని కూకోబెట్టగలనా?

వ్యాఖ్యాత: చూస్తున్నవారికి ఒక మాట. 50 మంది, అంతకుమించి పనిచేసేచోట క్రెష్, అంటే తల్లులు పనిలో ఉన్నంతసేపూ పిల్లల్ని చూసే చోటు, ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి మరీ చెప్పారు. పదిమందీ ఇరవైమందీ పనిచేసే చిన్న యూనిట్లకు అది వర్తించదు. ఈ అమ్మలాంటి వాళ్లు ఆ లెక్కలోకే రారు.

అంగన్‌వాడీ టీచరు: 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనూ రాశారండీ. పనిచోట ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురు, ఆపైన ఉంటే, పనికొచ్చిన ఆడవాళ్లలోనే ఒకర్ని పిల్లల్ని చూడ్డానికి పెట్టాలి, ఆమెకూ కూలి ఇవ్వాలి అని. అంటే పిల్లల్ని చూడ్డం కూడా పనేనని చట్టం అప్పుడే ఒప్పుకుంది. కానీ ఆ ఒక్క మనిషికి ఏం తెలిసుండాలి, ఎవరు నేర్పాలి అన్నది మాత్రం ఎవరూ అనుకోలేదు. చెట్టుకింద కూర్చోబెట్టి కాపలా కాస్తే సరిపోతుందనుకున్నారు.

అధ్యాపకురాలు: అసలు చిక్కు అదే. తల్లికి సహజంగా వచ్చేస్తుంది, ఆడపిల్లకు పుట్టుకతో తెలుస్తుంది అనుకుంటాం. ఇంటర్ వొకేషనల్‌లో ప్రీస్కూల్ టీచర్ ట్రైనింగ్ అని రెండేళ్ల కోర్సు ఉంది, పదో తరగతి పాసైనవాళ్లు చేరొచ్చు. అడ్మిషన్లప్పుడు తల్లిదండ్రులు నన్ను అడిగే మొదటి మాట, "పిల్లల్ని ఆడించడానికి రెండేళ్లు చదవాలా మేడమ్?" అని. డాక్టర్‌గారు, దీనికి మీరే బాగా చెబుతారు.

డాక్టరు: మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరిగిపోతుందని 2020 జాతీయ విద్యావిధానం మొదట్లోనే రాసుకుంది. ఆ వయసు పిల్లలతో మాట్లాడే మనిషి, తినిపించే మనిషి ఎవరన్నది చిన్న విషయం ఎలా అవుతుంది? నా ఓపీలో చూసేది చెబుతాను. జ్వరంతో బిడ్డకు ఫిట్స్ వస్తాయి. ఇంట్లోవాళ్లు చేతిలో తాళాల గుత్తి పెడతారు, పళ్ల మధ్య చెంచా దూరుస్తారు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, ఎంతసేపు వచ్చిందో గడియారం చూడాలి, ఆసుపత్రికి తేవాలి. ఇందులో పదిహేనేళ్ల పిల్లకు అర్థంకానిది ఏముంది?

అంగన్‌వాడీ టీచరు: ముక్కులో నూనె సంగతి కూడా చెప్పండి సార్. మా ఊళ్లో ఇంకా ఆగలేదు.

డాక్టరు: చెప్పాల్సిందే. స్నానం చేయించాక ముక్కులో, చెవిలో ఆముదం చుక్కలు వేసి ఊదుతారు. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. అలాగని పెద్దవాళ్లు చేసేదంతా తప్పని నేను అనను. ఒంటికి నూనె మర్దన మంచిది, రుద్దుతూ రుద్దుతూ బిడ్డతో కబుర్లు చెబుతారు చూడండి, అది ఇంకా మంచిది. ఏది ఉంచుకోవాలి, ఏది మానాలి అన్న తేడా తెలిసినవాళ్లు కావాలి. విరేచనాలైతే ఓఆర్ఎస్‌తో పాటు డాక్టరు చెప్పిన జింక్ 14 రోజులూ వేయాలి, తగ్గిందని మూడో రోజున ఆపకూడదు. ఇలాంటివి తెలిసిన కుర్రదో కుర్రాడో వీధికి ఒకరుంటే నా దగ్గరికొచ్చే కేసులు తగ్గుతాయి.

వ్యాఖ్యాత: (పూర్వ విద్యార్థినితో) అమ్మా, మీరు ఈ కోర్సు చదివారు. నిజంగా పనికొచ్చిందేమిటి?

పూర్వ విద్యార్థిని: చూడటం నేర్పారు సార్. మొదటి ఏడాది మమ్మల్ని అంగన్‌వాడీకి పంపి, ఒక్కొక్కరికి ఒక్కో బిడ్డను చూపించి, అరగంట గమనించి రాయమన్నారు. నేను "బాబు అల్లరి చేశాడు" అని రాసి తెచ్చాను. మేడమ్ దాన్ని కొట్టేసి, "అల్లరి అన్నది నీ మాట, బాబు ఏం చేశాడో రాయి" అన్నారు. మర్నాడు మళ్లీ కూర్చున్నాను. ఆ బాబు చింతపిక్కలు ఒక్కొక్కటే తీసి సీసాలో వేస్తున్నాడు. నిండాక బోర్లించి పారబోశాడు. మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి నల్లవి ఒకపక్క, నున్నగా మెరిసేవి ఒకపక్క పెట్టి, నల్లవే వేశాడు. పక్కనున్న పాప చెయ్యి పెడితే గట్టిగా అరిచాడు. ముందురోజు నాకు ఆ అరుపే కనిపించింది, పిక్కలు వేరుచేయడం కనిపించలేదు.

డాక్టరు: బాబు వయసెంత?

పూర్వ విద్యార్థిని: నాలుగు దాటాయి సార్.

డాక్టరు: అయితే ఫరవాలేదు, పెద్దవాళ్లు పక్కనుండాలి. మూడేళ్లలోపు పిల్లల దగ్గర చింతపిక్కలు ఉంచొద్దు. జీడిపప్పు, వేరుశనగ పలుకులైతే నాలుగైదేళ్లు వచ్చేదాకా వద్దు, గొంతుకు అడ్డంపడతాయి. పలాసలో ఇది ప్రతి ఇంట్లో చెప్పాలి. పొడిచేసి జావలో కలిపి పెట్టండి, పలుకు మాత్రం చేతికివ్వకండి.

తల్లి: మా ఇంటికాడ ఎప్పుడూ నేల మీదే ఉంటాయండి బద్దలు. ఇంతవరకూ ఎవులూ సెప్పనేదు.

వ్యాఖ్యాత: ఈ ఒక్క మాట కోసమైనా ఈ కార్యక్రమం పెట్టుకున్నందుకు ఫలితం దక్కింది. మేడమ్, పిల్లల్ని అంగన్‌వాడీకి పంపుతారన్నారు. టీచరమ్మా, వాళ్లొస్తే మీకు సాయమా, భారమా?

అంగన్‌వాడీ టీచరు: నిజం చెప్పమంటారా? ఎలా పంపారన్నదాన్ని బట్టి. ఒకసారి ఒక కాలేజీ వాళ్లు ముప్పైమందిని ఒకేసారి పంపారు. మా గది ఎంత, మా పిల్లలెందరు? చిన్నపిల్లలు బెదిరిపోయి ఏడుపు. వచ్చినవాళ్లు చంకలో ఎత్తుకుని ఫోటోలు దిగారు, రికార్డు పుస్తకంలో సంతకం పెట్టించుకున్నారు, వెళ్లిపోయారు. అది శిక్షణ కాదు. నలుగురిని పంపండి, వారానికో రోజు, ఏడాదంతా అదే నలుగురు. పిల్లలు గుర్తుపడతారు, దగ్గరికొస్తారు. అప్పుడు నేను బరువు తూచడం నేర్పుతాను, జబ్బకు కొలత టేపు చుట్టడం నేర్పుతాను. ఆరు నెలలు నిండిన బిడ్డకు 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ వచ్చిందంటే తీవ్రమైన పోషకాహార లోపం, ఆ రోజే పీహెచ్‌సీకి పంపాలి. టేపు బిగించి లాగితే ఒక లెక్క, వదులుగా చుడితే ఒక లెక్క. అది పుస్తకంలో రాదు, చేత్తో పట్టుకుంటేనే వస్తుంది.

అధ్యాపకురాలు: ఒప్పుకుంటాను. దానికి నేను ఇంకోటి కలుపుతాను. విద్యార్థిని ఎప్పుడూ బిడ్డతో ఒంటరిగా ఉంచకూడదు. బాత్రూముకు తీసుకెళ్లేది టీచరో ఆయానో మాత్రమే. ఫోటోలు తీయకూడదు. పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే 2012 పోక్సో చట్టం గురించి మొదటి వారంలోనే చెప్పాలి, ఎందుకంటే మా విద్యార్థులూ పద్దెనిమిది నిండనివాళ్లే, ఆ చట్టం వాళ్లకూ రక్షణ.

వ్యాఖ్యాత: ఆమదాలవలస నుంచి కాల్ ఉంది. చెప్పు బాబూ.

కాలర్: నమస్తే సార్, నేను పదో తరగతి. మా చెల్లిని చిన్నప్పట్నుంచి నేనే చూసుకున్నాను. నాకు చిన్నపిల్లలకు చెప్పడం ఇష్టం. అబ్బాయిలకు ఇందులో ఉద్యోగాలుంటాయా? మావాళ్లు నవ్వుతున్నారు.

అధ్యాపకురాలు: నాన్నా, నీకు తప్పుడు ఆశ పెట్టను. అంగన్‌వాడీ టీచరు, ఆయా పోస్టులు ఆడవాళ్లకే. కానీ ప్రైవేటు ప్రీస్కూళ్లున్నాయి. 2015 బాలల న్యాయ చట్టం కింద నడిచే పిల్లల హోమ్‌లలో సంరక్షకులు కావాలి. ఇంటర్ తర్వాత డీఎడ్ చేస్తే ప్రాథమిక పాఠశాల టీచరువి అవుతావు. ఇంకా చదవాలనుకుంటే గుంటూరు లాంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి కమ్యూనిటీ సైన్స్ కాలేజీ ఉంది, అక్కడ పిల్లల ఎదుగుదల మీద చదువుకోవచ్చు. నా క్లాసులో ఈ ఏడాది ఒక్క అబ్బాయీ లేడు. అది నాకు బాధగానే ఉంది.

డాక్టరు: నవ్వేవాళ్లకు ఇలా చెప్పు. పిల్లల వార్డులో ఇంజెక్షన్ చేసేటప్పుడు బిడ్డను ఊరుకోబెట్టగలిగిన మగ నర్సు ఉంటే నా పని సగం అయిపోతుంది. చెల్లిని పెంచావు కదా, ఆ అనుభవం చాలామంది తండ్రులకు లేదు.

అంగన్‌వాడీ టీచరు: మందస, మెళియాపుట్టి కొండలవైపు అబ్బాయిలూ అమ్మాయిలూ ఎవరైనా ముందుకొస్తే ఇంకా మేలు. అక్కడి సవర గిరిజన పిల్లలు మూడేళ్లకు సవరభాషే మాట్లాడుతూ వస్తారు. తెలుగొక్కటే తెలిసిన టీచరు ముందు నెలల తరబడి నోరు విప్పరు. సవర మాట్లాడగలిగిన టెన్త్ పిల్లకు ఈ శిక్షణ ఇస్తే, ఎంత చదివినదైనా నాలాంటిది చేయలేని పని ఆ పిల్ల చేస్తుంది.

వ్యాఖ్యాత: మన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరభాష నేర్చుకుని, ఆ పిల్లల కోసం పుస్తకాలు రాసి వందేళ్లు దాటింది. ఆ పని ఇంకా పూర్తి కాలేదు. ఇక జీతం సంగతికి వద్దాం. వృత్తి అన్నాక బతుకు గడవాలి.

అంగన్‌వాడీ టీచరు: అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. అప్పట్నుంచీ మాది జీతం కాదు, గౌరవ వేతనం. 2023 డిసెంబరులో రాష్ట్రమంతా మేం సమ్మెకు దిగి 42 రోజులు రోడ్డు మీద కూర్చున్నాం. అప్పటికి టీచరుకు నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. మాకు గ్రాట్యుటీ, అంటే పని విరమించేటప్పుడు ఇచ్చే సొమ్ము, ఇవ్వాలని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. ఇవన్నీ పోట్లాడితేనే కదిలాయి. అందుకే నా భయం ఒకటుంది. రేపు శిక్షణ పొందిన కుర్రపిల్లలు వస్తున్నారు కదా అని, ఖాళీలు నింపకుండా వాళ్లతో ఉచితంగా నడిపించేస్తారేమోనని.

పూర్వ విద్యార్థిని: ఉచితం కాకపోయినా దగ్గర్లోనే ఉంది అక్కా పరిస్థితి. నేను పనిచేసే చోట నాకు వచ్చేది మీ గౌరవ వేతనం కంటే తక్కువ. నాతో పాటు చదివినవాళ్లలో ఇద్దరు బట్టల షాపుకు వెళ్లిపోయారు, అక్కడ ఎక్కువిస్తారని. వాళ్లు మంచి టీచర్లు అయ్యుండేవాళ్లు. సర్టిఫికెట్ ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ ఒకటే జీతమైతే రెండేళ్లు ఎందుకు చదవాలి అని జూనియర్లు అడిగితే నా దగ్గర జవాబు లేదు.

అధ్యాపకురాలు: ఈ ప్రశ్న నన్నూ వదలదు. నేను అడిగేది రెండే. ప్రీస్కూలుకు అనుమతిచ్చేటప్పుడు శిక్షణ ఉన్న టీచరు ఉందా అని తనిఖీ చేయాలి. అంగన్‌వాడీ ఎంపికలో ఈ కోర్సు చేసినవాళ్లకు మార్కులు కలపాలి. ఈ రెండూ జరిగితే నా క్లాసుకు అమ్మాయిలు మిగతా గ్రూపుల్లో సీటు రాక కాదు, కావాలని వస్తారు.

వ్యాఖ్యాత: అమ్మా, చివరిగా మీరు. ఇలా నేర్చుకున్న అమ్మాయి మీ వీధిలో పిల్లల్ని చూసే చోటు పెడితే మీ పాపను పంపుతారా?

తల్లి: పంపుతానండి. కానీ నాకు పొద్దున్న ఏడుకే పని. అంగన్‌వాడీ తొమ్మిదికి తెరుస్తారు. ఆ రెండు గంటలు ఎవులు సూస్తారు? నెలకి కొంత ఇమ్మంటే ఇస్తాను, నాలుగిళ్లోలం కలిసి ఇస్తాం. పొద్దున్న ఏడుకి తెరవమనండి. అప్పుడు నా పెద్దగుంట బడికెల్తాది.

అంగన్‌వాడీ టీచరు: నాకు తెలిసిన ఇద్దరు అమ్మాయిలు ఈ ఏడాది కోర్సు పూర్తిచేశారు, కాశీబుగ్గవాళ్లే. మా సూపర్‌వైజరుతో మాట్లాడతాను. సెంటర్ తాళం ఏడుకి తీసే అధికారం నాకు లేదు, అడగడానికి మాత్రం భయం లేదు.

వ్యాఖ్యాత: అడగండి. ఏం చెప్పారో వచ్చే నెల ఇదే కార్యక్రమంలో చూస్తున్నవారికి చెబుదాం. ఆమదాలవలస బాబూ, నీ నంబరు మా దగ్గర ఉంది, మేడమ్ నీతో మాట్లాడతారు. అందరికీ ధన్యవాదాలు, నమస్కారం.