ముందు కాటా, తర్వాతే కంపోస్టు: బడి భోజనశాలలో వృథా తగ్గించే వరస

నమస్కారం. బడిని పచ్చగా మారుద్దాం అనుకోగానే చాలాచోట్ల మొదట జరిగే పని, ఒక కంపోస్టు డబ్బా కొనడం. రెండోది, గోడలకి పోస్టర్లు అంటించడం. ఈ రెండూ తప్పని అనను గానీ, వరస తప్పింది. రోజుకి ఎంత పారేస్తున్నామో తెలియకపోతే డబ్బా ఏ సైజుది కొనాలో కూడా తెలీదు. మూడో వారానికి వాసన మొదలవుతుంది, ఐదో వారానికి దాన్ని ఏదో మూలకి తోసేస్తారు. అందుకే ఈ వీడియోలో ముందు కాటా, తర్వాత వడ్డన, ఆ తర్వాతే కంపోస్టు, చివర్లో చెట్లు.

సమస్య ఎంత పెద్దదో చెప్పడానికి ఒక లెక్క చాలు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచం పారేసిన తిండి 105 కోట్ల టన్నులు. దుకాణాలకీ, ఇళ్లకీ, భోజనశాలలకీ చేరిన తిండిలో అది 19 శాతం. పారేసినదాంట్లో 28 శాతం హోటళ్లు, క్యాంటీన్ల లాంటి చోట్లది. బడి భోజనశాల కూడా ఆ లెక్కలోకే వస్తుంది. ఆ తిండి చెత్తకుప్పలో గాలాడకుండా కుళ్లితే మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. సరే, పనిలోకి వద్దాం.

తూకానికి వరసగా ఐదు పనిరోజులు కావాలి. వేలాడదీసే కాటా ఒకటి, 30 కిలోలు తూగేది. నాలుగు బకెట్లు. మొదటిదాంట్లో వంటగదిలో తరిగినప్పుడు వచ్చిన తొక్కలు, తొడిమెలు. రెండోదాంట్లో వండాక వడ్డించకుండా మిగిలిపోయింది. మూడోదాంట్లో పిల్లలు కంచాల్లో వదిలేసింది. నాలుగోది నీళ్లు, పాలు, పులుసు లాంటి ద్రవాలకి. అన్నీ ఒకే డ్రమ్ములో పడేసి తూస్తే సరిపోదా అంటారు. సరిపోదు. రెండో బకెట్ నిండితే తప్పు వంటగది అంచనాలో ఉన్నట్టు. మూడోది నిండితే తప్పు వడ్డనలోనో, టైములోనో, రుచిలోనో ఉన్నట్టు. మందు వేరు కాబట్టి తూకం వేరుగా ఉండాలి. ద్రవాల్ని విడిగా ఎందుకు పెట్టామంటే, ఒక పిల్లాడు గ్లాసుడు నీళ్లు ఒంపేస్తే చాలు, 200 గ్రాముల తిండి పారేసినట్టు లెక్క చూపిస్తుంది.

ఖాళీ బకెట్ బరువు ముందే తూసి, దాని మీదే మార్కర్‌తో రాసేయండి. ఇది మర్చిపోయి వారం లెక్కంతా పాడుచేసుకునేవాళ్లు ఎక్కువ. నలుగురు పిల్లలు చాలు: ఒకరు బకెట్ల దగ్గర నిలబడి ఏది ఎందులో వేయాలో చెప్తారు, ఒకరు తూస్తారు, ఒకరు రాస్తారు, ఒకరు ఆ రోజు ఎంతమంది తిన్నారో తలలు లెక్కపెడతారు. ఆ తలల లెక్కే అసలు కీలకం. మూడో బకెట్‌లో 28 కిలోలు, తిన్నది 400 మంది అనుకోండి. 28,000 గ్రాముల్ని 400తో భాగిస్తే ఒక్కొక్కరికి 70 గ్రాములు. ఈ 70 నోటీసు బోర్డు మీద ఉండాలి. 28 కిలోలు అని రాస్తే, సగం మంది రాని రోజు మనం బాగుపడిపోయామని మురిసిపోతాం.

ఒక చిన్న ఇబ్బంది ఉంది. కాటా కనిపించిన మొదటి రోజు పిల్లలు జాగ్రత్తగా తింటారు. ఆ రోజు తూకం తీసుకోండి గానీ సగటులో కలపకండి.

ఇంకో మాట, కాస్త గట్టిగానే చెప్తాను. ఒక్కో పిల్లాడి కంచాన్ని విడిగా తూయకండి. 'కంచం ఖాళీ చేసినవాళ్లకి బహుమతి' అని పోటీలూ పెట్టకండి. పెడితే ఏం జరుగుతుందో తెలుసా? కొందరు ఇష్టం లేకపోయినా కుక్కుకుంటారు, కొందరు రుమాల్లో చుట్టి బల్ల కింద దోపుతారు. లెక్క తగ్గుతుంది, వృథా తగ్గదు. లెక్క ఎప్పుడూ బడి మొత్తానిదే.

ఇప్పుడు వడ్డన. 'ముందు కొంచెం, కావాలంటే మళ్లీ' అనే పద్ధతి పెట్టండి. ఇది పనిచేయాలంటే మళ్లీ అడగడం తేలిక అవ్వాలి. రెండోసారి కావాలంటే మొత్తం లైను వెనక్కెళ్లి నిలబడాలంటే, పిల్లలు మొదటిసారే కంచం నింపుకుంటారు. మారు వడ్డనకి వేరే చిన్న బల్ల పెట్టండి. గరిటె కూడా మార్చాలి. ఆరేళ్ల వాడికీ పదహారేళ్ల వాడికీ ఒకే గరిటెతో వడ్డిస్తే చిన్నవాడి కంచంలో మిగలక ఏమవుతుంది? పండ్లు చిన్నవాళ్లకి ముక్కలు కోసి ఇవ్వండి. పళ్లు ఊడే వయసులో గట్టి పండుని కొరకడం కష్టం, రెండు గాట్లు పెట్టి వదిలేస్తారు.

తర్వాత టైము. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఏం చెబుతుందంటే, పిల్లలు కూర్చున్నాక తినడానికి కనీసం 20 నిమిషాలుండాలి. కూర్చున్నాక, అది గుర్తుంచుకోండి. అరగంట భోజన విరామంలో చేతులు కడగడానికీ లైనుకీ 15 నిమిషాలు పోతే మిగిలేది పదిహేనే. గడియారం పట్టుకుని చూడండి, లైనులో చివరి పిల్లాడు ఎప్పుడు కూర్చున్నాడో. వీలైతే ఆటల విరామం భోజనానికి ముందు పెట్టండి. భోజనం తర్వాత ఆట ఉంటే మనసంతా మైదానంలోనే ఉంటుంది, సగం తిని పరిగెడతారు.

వంటగది అంచనాకి ఒకటే సూత్రం: మొదటి పీరియడ్ అయ్యేసరికి హాజరు లెక్క వంటవాళ్లకి చేరాలి. నిన్నటి లెక్కతో వండితే రెండో బకెట్ ఎప్పటికీ తగ్గదు. సీలు తీయని పాకెట్లు, కోయని పండ్లు ఎవరికైనా అక్కర్లేకపోతే పంచుకునే బల్ల మీద పెట్టొచ్చు. విప్పినవి, ఇంటి నుంచి తెచ్చినవి వద్దు, ఎలర్జీల భయం ఉంటుంది. వండి మిగిలింది ఎవరికైనా ఇవ్వాలంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం మర్చిపోకండి: వేడిగా ఉంచితే 60 డిగ్రీల పైన, చల్లగా ఉంచితే 5 డిగ్రీల లోపు. మామూలు గది వేడిలో రెండు గంటలు దాటనివ్వకండి.

ఇవన్నీ చేశాక మిగిలినదానికే కంపోస్టు. రోజుకి తొక్కలతో కలిపి 20 కిలోలు అనుకుందాం. అది సుమారు 40 లీటర్లు. దానికి రెట్టింపు, అంటే 80 లీటర్ల ఎండాకులు కావాలి. ఎందుకంటే సూక్ష్మజీవులకి ఒక వంతు నత్రజనికి 25 నుంచి 30 వంతుల కార్బన్ కావాలి. తడి తిండిలో అంత కార్బన్ ఉండదు, ఎండాకులు ఆ లోటు పూడుస్తాయి. ఏడాదికి 200 పనిరోజులైతే ఎన్ని ఆకులు? 16,000 లీటర్లు. ఒక మోస్తరు గది సగం నిండుతుంది! బడి కంపోస్టులు చచ్చిపోయేది ఇక్కడే. ఆకులు రాలే కాలంలో ఊడ్చి తగలబెడతారు, నాలుగు నెలలయ్యాక ఆకుల్లేక తడి చెత్తే వేసుకుంటూ పోతారు. ముందు ఆకుల గూడు కట్టండి, పైన వాన పడకుండా కప్పు వేయండి, తర్వాతే కంపోస్టు పెట్టెలు. ఆకుల్ని తొక్కి నలిపితే చోటూ కలిసొస్తుంది, త్వరగానూ కుళ్లుతాయి. రంపపు పొట్టు దొరికినా కొద్దిగానే వాడండి, అది అట్టకట్టి గాలిని ఆపేస్తుంది.

పెట్టెలు మూడు, ఒక్కోటి మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు. అంతకన్నా చిన్నదైతే వేడి నిలవదు. అడుగున, చుట్టూ అర అంగుళం కన్నా చిన్న కన్నాలున్న ఇనుప జాలీ ఉండాలి, లేకపోతే ఎలుకలు దూరతాయి. అడుగున 10 సెంటీమీటర్లు పుల్లలు పరిస్తే కింద నుంచి గాలాడుతుంది. ఆపైన రోజూ తిండి వేయడం, ఆకులతో కలపడం, పైన ఐదు సెంటీమీటర్ల ఆకుల దుప్పటి కప్పడం. తిండి ముక్క ఒక్కటి కూడా పైకి కనబడకూడదు. మాంసం, ఎముకలు, నూనె ఓడే వంటకాలు వద్దు. మూడు వారాలకి మొదటి పెట్టెలోది రెండోదాంట్లోకి తిరగేయాలి, ఇంకో మూడు వారాలకి మూడోదాంట్లోకి. ఈలోపు వారానికోసారి కలియబెట్టాలి. మధ్యలో థర్మామీటర్ గుచ్చితే 55 నుంచి 65 డిగ్రీలు చూపిస్తే అంతా బాగున్నట్టే.

తడి ఎంతుందో చెయ్యే చెప్తుంది. ఇదిగో, ఒక గుప్పెడు తీసుకుని గట్టిగా పిండుతున్నాను. వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు కనబడ్డాయి, వదిలితే ముద్ద నిలబడింది. ఇదే సరైన తడి. ధారగా కారితే ఆకులు కలిపి తిరగేయండి. ముద్ద కట్టకుండా రాలిపోతే నీళ్లు చల్లండి. చీమలు పట్టాయంటే ఎండిపోయిందని అర్థం. కుళ్లిన గుడ్డు వాసనొస్తే గాలి లేదు. ముక్కు మండించే అమ్మోనియా ఘాటొస్తే తడి చెత్త ఎక్కువైంది, ఆకులు తక్కువయ్యాయి. ఈగలు ముసురుకుంటే పైన ఆకుల దుప్పటి పల్చబడింది.

మూడో పెట్టె నుంచి తీశాక నెల్లాళ్లు నీడలో మాగనివ్వాలి. మాగిందో లేదో ఎలా తెలుస్తుంది? గుప్పెడు తడి కంపోస్టు ఒక కవర్లో వేసి గాలి దూరకుండా మూసి, మూడు రోజులాగి విప్పండి. మట్టి వాసనొస్తే వాడొచ్చు. పులిసిన వాసనొస్తే ఇంకా పచ్చిగా ఉన్నట్టు, మొక్కలకి వేస్తే వేళ్లు దెబ్బతింటాయి.

ఇక చెట్లు. గొయ్యి లోతు మొక్క వేళ్ల చుట్టూ ఉన్న మట్టి గడ్డ ఎంతుందో అంతే, వెడల్పు మాత్రం రెండు మూడు రెట్లు. లోతుగా తవ్వి అడుగున కంపోస్టు నింపితే అది కుంగి, మొక్క కిందికి దిగిపోతుంది, కాండం మొదలు మట్టిలో కూరుకుపోయి కుళ్లుతుంది. కంపోస్టు పైన పాదులో వేయండి. దాని మీద ఏడెనిమిది సెంటీమీటర్లు ఎండాకులు పరిచి, కాండం చుట్టూ బెత్తెడు ఖాళీ వదలండి. సంచిలో గుండ్రంగా చుట్టుకున్న వేళ్లని నాటేముందే విప్పండి, లేదా కోసేయండి. లేకపోతే కొన్నేళ్లకి అవే చెట్టు మెడకి ఉరేస్తాయి. ఊత కర్ర ఏడాదికి తీసేయాలి.

నాటిన రోజు ఫొటోలో ఎన్ని మొక్కలున్నాయో నాకు అక్కర్లేదు, ఏడాది తర్వాత ఎన్ని బతికున్నాయో చెప్పండి. బడి మొక్కల్ని ఎక్కువగా చంపేది పురుగు కాదు, సెలవులు. ఎవరూ నీళ్లు పోయరు. అందుకే సెలవులకి ముందు నాటకండి, సెలవులయ్యాక వానల మొదట్లో నాటండి. వీలవ్వని చోట ఒక్కో మొక్కకి వారానికి 15 నుంచి 20 లీటర్లు ఎవరు పోస్తారో పేరుతో సహా పట్టీ రాసి, ఆ పట్టీ పైపు తాళంచెవి ఉన్న మనిషి చేతికే ఇవ్వండి.