ఒక్కొక్క వాద్యానికి ఒక్కొక్క దారి

(కీబోర్డు వాద్యకారులు, రికార్డింగు సాంకేతికుల కోసం ఒంగోలులో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, కనిగిరి, పొదిలి, దర్శి వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన మిత్రులకు, కావలి, నెల్లూరు నుంచి కీబోర్డులు భుజాన వేసుకుని రైలు దిగిన తమ్ముళ్ళకు, మన మాట కాదనకుండా వచ్చి ముందు వరుసలో కూర్చున్న నాదస్వర, డోలు విద్వాంసులకు నా వందనాలు. కంప్యూటరులో ఒకటికి మించిన శాంప్లర్ వాద్యాలను నడిపే పద్ధతిని వివరించమని నిర్వాహకులు నన్ను అడిగారు. ఆ పద్ధతి తప్పక చెబుతాను. అయితే నేను రావడానికి ఒప్పుకున్న కారణం మరొకటి ఉంది. మన ప్రాంతంలో తయారవుతున్న భక్తి గీతాలు, జానపదాలు, నాటకాల నేపథ్య సంగీతం చాలావరకు రెండు ట్రాకుల స్టీరియో ఫైలుగా బిగిసిపోయి బయటికి వస్తున్నాయి. రేపు ఆ పాటలోకి ఒక కళాకారుణ్ణి పిలిచి వాయించమందామంటే అందులో ఆయనకు చోటుండటం లేదు. నా బాధంతా అదే, నేను చెప్పబోయే సాంకేతిక విషయమంతా దాని కోసమే.

శాంప్లర్‌లో వినిపించేది ఎవరో ఒక కళాకారుడు నిజంగా వాయించిన స్వరమే. ఒక్కొక్క స్వరాన్ని మెల్లగా, గట్టిగా, మరింత గట్టిగా వాయింపజేసి, విడివిడిగా రికార్డు చేసి, మీటల మీద పరిచి పెడతారు. మనం మీటను ఎంత బలంగా నొక్కామన్నది 1 నుంచి 127 వరకు ఒక అంకెగా లోపలికి వెళుతుంది, ఆ అంకెను బట్టి తగిన రికార్డింగు పలుకుతుంది. ఆ అంకెను మోసుకుపోయేది 1983లో వచ్చిన మిడీ ప్రమాణం. ఒకే మిడీ దారిలో 16 ఛానళ్ళు ఉంటాయి. నెల్లూరు ఆనకట్ట నుంచి కాలువలో వచ్చే నీరు ఏ తూము తెరిస్తే ఆ చేలోకి పోయినట్టు, కీబోర్డు నుంచి వచ్చే స్వరం ఏ ఛానల్ సంఖ్య వేసుకుని వస్తే ఆ వాద్యానికే చేరుతుంది.

ఇక్కడొక విషయం మీద కాస్త ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే మన సంగీతానికి ప్రాణం అక్కడే ఉంది. స్వరాన్ని ఊపడానికి కీబోర్డు ఎడమ పక్కనున్న పిచ్ బెండ్ చక్రాన్ని వాడతాం. ఆ చక్రం పంపే సమాచారం ఒక స్వరానికి పరిమితమైనది కాదు, ఛానల్ మొత్తానికి వర్తిస్తుంది. నాదస్వరాన్ని, తంబురను ఒకే ఛానల్ మీద పెట్టి తోడి రాగంలో గాంధారాన్ని ఊపి చూడండి, కదలకుండా నిలబడవలసిన తంబుర శ్రుతి కూడా దానితోపాటే ఊగుతుంది. శ్రుతే ఊగిన పాటలో ఇక రాగమెక్కడిది? వాద్యం ధ్వనిని పెంచి తగ్గించే 7వ నంబరు కంట్రోలర్, కుడి ఎడమలకు జరిపే 10వ నంబరు, స్వరాన్ని నిలిపి ఉంచే పెడల్‌కు చెందిన 64వ నంబరు, ఇవన్నీ కూడా ఛానల్ మొత్తానికి పనిచేసేవే. కాబట్టి గమకం, అంటే స్వరపు ఊపు, పలికే ప్రతి వాద్యానికీ సొంత ఛానల్ ఉండి తీరాలి. ఈ మాటను ఇంకొకసారి చెబుతున్నాను, దయచేసి రాసుకోండి: గమకం పలికే ప్రతి వాద్యానికీ సొంత ఛానల్ ఉండి తీరాలి.

ఇది లోపలికి వెళ్ళే దారి. బయటికి వచ్చే దారి వేరు, మనవాళ్ళు పట్టించుకోకుండా వదిలేస్తున్నది దాన్నే. మీలో చాలామంది దగ్గరున్న కాంటాక్ట్ అనే శాంప్లర్ సాఫ్ట్‌వేరునే ఉదాహరణగా తీసుకుంటాను. అందులో నాదస్వరం, వయొలిన్, తంబుర, డోలు ఎక్కించారనుకోండి. ప్రతి వాద్యం పేరు దగ్గరా మిడీ ఛానల్‌కు ఒక గడి, ఔట్‌పుట్‌కు ఒక గడి కనిపిస్తాయి. ఛానల్ మార్చేవారు కూడా ఔట్‌పుట్ గడి జోలికి పోరు, అందువల్ల నాలుగు వాద్యాలూ మొదటి స్టీరియో జతలోనే కలిసిపోయి బయటికి వస్తాయి. ఆ తరువాత డోలుకు రివర్బ్, అంటే గది ప్రతిధ్వని, వేస్తే తంబురకూ పడుతుంది, వయొలిన్‌ను తగ్గిస్తే నాదస్వరమూ తగ్గుతుంది. ఒక్కొక్క వాద్యాన్ని ఒక్కొక్క ఔట్‌పుట్‌కు కేటాయించాలి, ఆ ఔట్‌పుట్‌లను మనం వాడే సాఫ్ట్‌వేరులో విడి ట్రాకుల మీదికి తెచ్చుకోవాలి. రీపర్ అనే రికార్డింగు సాఫ్ట్‌వేరులోనైతే శాంప్లర్ ఉన్న ట్రాకు ధ్వని ఛానళ్ళను (ఇవి మిడీ ఛానళ్ళు కావు) 2 నుంచి 8కి పెంచి, 1-2 జతను ఒక ట్రాకుకు, 3-4ను మరొకదానికి, 5-6ను, 7-8ను తక్కిన రెండింటికి పంపాలి. శాంప్లర్ ట్రాకు నేరుగా మాస్టర్‌కు, అంటే అన్నీ కలిసే చివరి ట్రాకుకు, పోయే దారిని మాత్రం మూసివేయాలి. లేకపోతే మొదటి జతలోని వాద్యం రెండు దారుల్లో మాస్టర్‌కు చేరి 6 డెసిబెళ్ళు హెచ్చుగా వినిపిస్తుంది. నాదస్వరం మోత ఎక్కువగా ఉందని ఫేడర్ దించుకునేవారు ముందు ఈ దారి మూసి ఉందో లేదో చూసుకోవాలి. మిడీ పంపే ట్రాకు, ధ్వనిని అందుకునే ట్రాకు వేర్వేరుగా ఉండాలి. రెండూ ఒకటే అయితే ధ్వని చుట్టు తిరిగి మళ్ళీ అక్కడికే వస్తుందని రీపర్ ఆ దారిని సహజంగా అనుమతించదు. క్యూబేస్‌లో అదనపు ఔట్‌పుట్‌లను మనమే తెరుచుకోవాలి, లాజిక్‌లో శాంప్లర్‌ను మొదటే మల్టీ ఔట్‌పుట్ రూపంలో ఎక్కించుకోవాలి. పేర్లు మారతాయి, పని ఒకటే.

ఇప్పుడు నేను చెప్పవలసిన అసలు సంగతికి వస్తాను. ఒక ఊరి దేవాలయ కమిటీవారు స్వామివారి కల్యాణం పాటలు చేయించుకున్నారు. ఏ ఊరు, ఏ రికార్డింగు గది అన్నది ఇక్కడ అనవసరం. పాటలన్నీ కీబోర్డు మీదనే తయారయ్యాయి. మాంగల్యధారణ ఘట్టంలో మాత్రం తమ ఆలయంలో తరతరాలుగా వాయిస్తున్న కుటుంబంలోని పెద్దాయన నాదస్వరమే వినిపించాలని కమిటీవారికి తరువాత అనిపించింది, ఆ పని నాకు అప్పగించారు. నా చేతికి వచ్చిన పెన్‌డ్రైవులో గాత్రం ఒక ఫైలు, మిగతా వాద్యాలన్నీ కలిసి ఒక స్టీరియో ఫైలు ఉన్నాయి. విడి ట్రాకులు ఇవ్వమని అడిగితే, కంప్యూటరు ఫార్మాట్ చేశామని, తమ దగ్గర మిగిలింది ఇదొక్కటేనని చెప్పారు. అందులోని శాంప్లర్ నాదస్వరం ఉన్న మేరకు ఈక్వలైజరుతో తగ్గించి చూస్తే వయొలిన్ చచ్చిపోయింది. పాటను విడదీసే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు వచ్చాయి కదా అని మీరు అడుగుతారు. వాటిలో ఎక్కువ భాగం గాత్రం, డ్రమ్స్, బేస్, తక్కినవి అని నాలుగు భాగాలే చేస్తాయి. మన నాదస్వరం, వయొలిన్, తంబుర మూడూ ఆ ‘తక్కినవి’ అనే మూటలోనే మళ్ళీ కలిసి ఉంటాయి.

పెద్దాయన వచ్చారు. చిన్న డబ్బాలోంచి నాదస్వరానికి పెట్టి ఊదే పీకలు తీసి, ఒక్కొక్కటీ తడిపి, పెదవుల మధ్య పెట్టి చూసుకుని, శ్రుతికి సరిపోయినదాన్ని ఏరుకున్నారు. హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయించడం మొదలుపెట్టి, రెండు ఆవర్తనాలు కాకముందే ఆపేశారు. ఆయన స్వరాన్ని ఊపుతుంటే శాంప్లర్ అదే స్వరాన్ని గీత గీసినట్టు నిటారుగా పట్టుకుని నిలబడుతున్నది. రెండూ ఒకదానితో ఒకటి గుద్దుకుంటున్నాయి. “నా పక్కన ఇంకెవరో ఊదతా ఉండారు నాయనా, ముందు ఆయన్ని ఆపండి” అన్నారు. ఆపే మార్గం లేదని నేను చెప్పవలసి వచ్చింది. కమిటీవారు సంభావన ఇవ్వబోతే, వాయించని పాటకు డబ్బెందుకని పుచ్చుకోకుండా వెళ్ళిపోయారు.

ఇది జరిగింది ఏ నేల మీద? ఇక్కడికి కూతవేటు దూరంలో ఉన్న కరవదిలో 1924లో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, తమిళ దేశం మెప్పు కూడా పొంది, 1998లో సంగీత కళానిధి బిరుదు అందుకున్న షేక్ చిన మౌలానా గారి జిల్లాలో! ఆయన పుట్టిన జిల్లాలో ఒక నాదస్వర విద్వాంసునికి తన ఊరి దేవుడి పాటలో చోటు లేకపోవడాన్ని నేను సహించలేను. తమ్ముళ్ళారా, శాంప్లర్ వాడవద్దని నేను అనడం లేదు. డబ్బు చాలని కమిటీలకు, కళాకారులు దొరకని వేళలకు అది ఎంతో ఉపకారం చేస్తున్నది. మీరు పెట్టే నాదస్వరాన్ని తరువాత తీయడానికి వీలుగా పెట్టండి, నేను కోరేది అంతే. ఔట్‌పుట్ గడిలో అంకె మార్చడానికి ఒక్క నిమిషం పట్టదు.

ఒకే శాంప్లర్‌లో అన్ని వాద్యాలూ పెట్టాలా, వాద్యానికొక శాంప్లర్ తెరవాలా అన్న ప్రశ్న మీకు వస్తుంది. డోలు, తాళాలు, కంజీర వంటి లయ వాద్యాలను ఒకే శాంప్లర్‌లో ఉంచి, ఔట్‌పుట్‌లు మాత్రం విడదీయడం సులువు. నాదస్వరం, వయొలిన్, వేణువు వంటి వాటికి విడి శాంప్లరే మేలని నా నిశ్చితాభిప్రాయం. అలా ఉంటే ఆ ఒక్క ట్రాకును ఆపవచ్చు, తీసివేయవచ్చు, తక్కినవాటిని ఫ్రీజ్ చేయవచ్చు, అంటే శాంప్లర్ నడవనక్కరలేకుండా తాత్కాలికంగా ధ్వని ఫైలుగా మార్చి ఉంచవచ్చు. ఫ్రీజ్ సంగతి కళాకారుడు వచ్చిన రోజున తెలుస్తుంది. శాంప్లర్లన్నీ నడుస్తున్నప్పుడు బఫర్‌ను, అంటే కంప్యూటరు ధ్వనిని కూడబెట్టుకుని ఒక్కసారిగా పంపే మూటను, 1024 శాంపిళ్ళ దగ్గర పెట్టక తప్పదు. సెకనుకు 48,000 శాంపిళ్ళు తీసే 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఆ ఒక్క బఫరే 21 మిల్లీసెకన్ల ఆలస్యం. ఆయన ఊదిన స్వరం అంత వెనకబడి ఆయన చెవికే చేరితే ఏ విద్వాంసునికైనా లయ తడబడుతుంది. మిగతా ట్రాకులను ఫ్రీజ్ చేస్తే బఫర్‌ను 256కు దించవచ్చు, ఆలస్యం 5 మిల్లీసెకన్లకు కాస్త పైన నిలుస్తుంది.

పాట పూర్తయ్యాక ప్రతి ట్రాకునూ ఒకే మొదలు నుంచి 24 బిట్ల వేవ్ ఫైలుగా తీసి, టెంపోను, శ్రుతిని ఒక కాగితం మీద రాసి, మిడీ ఫైలుతో కలిపి పాట చేయించుకున్నవారికి అప్పగించండి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర అయిదు నిమిషాల పాటకు పన్నెండు స్టీరియో ట్రాకులు తీస్తే ఒక జీబీకి కొంచెం పైన అవుతుంది. ఈ రోజుల్లో అది ఏ పెన్‌డ్రైవులోనైనా పడుతుంది, చోటు చాలదని ఎవరూ సాకు చెప్పనక్కరలేదు. పాట కమిటీవారిది, వారి ట్రాకులు వారి దగ్గర ఉండాలి. మన కంప్యూటరును ఫార్మాట్ చేస్తే వారి పాట పోయే పరిస్థితి రానివ్వకండి.

భోజనాల తరువాత ఈ తెర మీదనే నాలుగు వాద్యాలతో కొత్త ప్రాజెక్టు తెరిచి, ఒక్కొక్క ఔట్‌పుట్‌నూ మీ చేతనే విడదీయిస్తాను. మీ పాత ప్రాజెక్టులు తెచ్చుకున్నవారు ముందు వరుస పక్కనున్న కుర్చీలలో కూర్చోండి. ముందు వరుసలోని విద్వాంసులు తమ వాద్యాలు తెచ్చారు, విడదీసిన ప్రతి ట్రాకు స్థానంలో వారి చేత వాయింపజేసి అక్కడికక్కడే రికార్డు చేద్దాం.